ఇత్తడి బిళ్ళ మీది అంకె

పాలమూరు సంస్థానాల గురించి మన సాహిత్య చరిత్రలు చెప్పేది ప్రధానంగా కవుల సంగతి. గద్వాలకు ‘విద్వద్గద్వాల’ అని పేరు వచ్చింది. తిరుపతి వేంకట కవులు గద్వాల, వనపర్తి, ఆత్మకూరు సంస్థానాలకు వెళ్ళి సన్మానాలు పొందారు. ఏ ప్రభువు ఏ పండితుడికి ఎంత వార్షికం ఇచ్చాడో లెక్కలు తీసిన పరిశోధకులు ఉన్నారు. ఎం.ఏ.లో ఆ లెక్కలు నేనూ చదివాను. ఇప్పుడు విద్యార్థులకు చెబుతున్నాను. కాని కవిగారు లోపలికి వెళ్ళే వేళ దివాణం గుమ్మం దగ్గర నిలబడి ఉన్న మనిషి ఒకడున్నాడు. భుజం మీదుగా డవాలా, డవాలాకు ఇత్తడి బిళ్ళ. ఆ మనిషికి మన సాహిత్య చరిత్ర ఒక వాక్యమైనా కేటాయించలేదు.

భాష మాత్రం అతణ్ణి మరిచిపోలేదు. చప్రాసీ అంటే చప్రాస్ ధరించినవాడు. చప్రాస్ అంటే బిళ్ళ. ఎడమా కుడీ అనే అర్థం గల పారశీక పదబంధం నుంచి అది పుట్టిందంటారు. తెలుగులో బిళ్ళబంట్రోతు అన్నారు, డవాలా బంట్రోతు అన్నారు. ఎలా పిలిచినా, మనిషిని గుర్తించింది అతడికి తగిలించిన వస్తువును బట్టే.

అటువంటి బిళ్ళ ఒకటి మా ఇంట్లో ఉన్నది. మా ముత్తాతది. నాగర్‌కర్నూల్ దగ్గరి మా ఊళ్ళో పాత ఇల్లు విప్పేటప్పుడు అటక మీది రేకుపెట్టెలో దొరికింది. దానితోపాటు ఒక ఎర్ర నక్షత్రం, కాడెద్దుల బొమ్మ ఉన్న రేకు బిళ్ళ ఒకటి బయటపడ్డాయి. ఏది ఎవరిదో, ఏ కాలానిదో తేల్చే పని నా మీద పడింది.

ఈ పనిలో మొదట చూడవలసింది బిళ్ళ వెనుకభాగం. ముందు వైపు ప్రభువు చెప్పదలచుకున్నది ఉంటుంది. ధరించినవాడి సంగతి వెనుక తెలుస్తుంది. మా ముత్తాత బిళ్ళకు వెనుక సూది లేదు, రెండు లావుపాటి ఇత్తడి కొంకులు ఉన్నాయి. అంటే అది చొక్కాకు గుచ్చుకునేది కాదు. పట్టీకి దూర్చి బిగించేది. ముందు వైపు ఉర్దూ అక్షరాలలో సంస్థానం పేరు (అది ఏదన్నది ఇక్కడ అవసరం లేదు), దాని కింద ఒక వరుస సంఖ్య, అంచున 1346 అనే అంకె.

ఉర్దూ అంకెలలో సున్న ఒక చుక్క మాత్రమే. ఇత్తడి అరిగినప్పుడు ముందు పోయేది ఆ చుక్కే. కనుక మా ముత్తాత మూడో నంబరు బంట్రోతో ముప్ఫయ్యో నంబరు బంట్రోతో తేల్చడానికి భూతద్దం పెట్టి, బిళ్ళను ఏటవాలు వెలుతురులో తిప్పి చూడవలసి వచ్చింది. ముప్ఫయ్యే. 1346 సంగతి ఇంకొక చిక్కు. అది హిజరీ సంవత్సరమైతే 1927–28 అవుతుంది. ఫసలీ అయితే 590 కలపాలి, 1936–37 అవుతుంది. నిజాం రాజ్యంలో రెవెన్యూ, పరిపాలన వ్యవహారాలు ఫసలీలోనే నడిచేవి. పైగా మా తాత పుట్టిన ఏడే ముత్తాతకు కొలువు దొరికిందని ఇంట్లో చెబుతారు. తాత బడి రికార్డులో పుట్టిన సంవత్సరం 1937. (బడి రికార్డు పుట్టిన తేదీలను నమ్మేవాడు అమాయకుడే; అయినా తొమ్మిదేళ్ళ తేడా రాదు.) ఫసల్ అంటే పంట. పంటలో దొరవాటా లెక్క కట్టే క్యాలెండరే మా ముత్తాత డవాలా మీదా ఉన్నదన్నమాట.

హైదరాబాదులో పాత నాణేలు, బిళ్ళలు సేకరించే పెద్దమనిషి ఒకరు దీనిని చూసి రెండు వేలు ఇస్తానన్నారు. చింతపండుతో తోమవద్దనీ, పాతబడిన రంగు పోతే ధర పడిపోతుందనీ హెచ్చరించారు. సరైన మాటే. ఇటువంటి సేకర్తలు లేకపోతే మన ఇళ్ళలోని సగం చరిత్ర పాతసామాను తూకానికి పోయేది. అయితే ఆయన చెప్పినదానిలో ఒక సంగతి నన్ను ఆపింది. మధ్యలో అక్షరాలు బాగా అరిగినందువల్ల ఇది రెండో రకం సరుకట. ఆ అరుగుదల ఎక్కడిది? మా ముత్తవ్వ రోజూ తెల్లవారి బూడిదతో, చింతపండుతో తోమిన అరుగుదల అది. మాసిన బిళ్ళతో బంట్రోతు దివాణంలో అడుగు పెట్టరాదు. తోమినందుకు ఆమెకు జీతం లేదు.

మా పెద్దనాన్న ఈ బిళ్ళకు అద్దాల చట్రం కట్టించి ముందు గదిలో పెట్టాలనుకున్నారు. కింద ఏమి రాయాలన్న దగ్గర పేచీ వచ్చింది.

“సంస్థాన ఉద్యోగి అని రాయరా” అన్నారు.

“బంట్రోతు అని రాద్దాం పెద్దనాన్నా.”

“బంట్రోతంటే నలుగురు ఏమనుకుంటరు?”

నలుగురు ఏమనుకుంటారో తెలుసుకోవడం కష్టం కాలేదు. మా ఊరి దళితవాడలో తొంభై ఏళ్ళ అవ్వ ఒకామె ఉన్నది. బిళ్ళ చేతికిస్తే కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చూసింది. అక్షరాలు ఆమెకు రావు. “ఇది బిళ్ళాయనది గదా బిడ్డా” అన్నది. “ఎండకు తళతళ మెరిసేది. చెరువు కట్ట మీదికి వచ్చిండంటేనే మాకు ఎరుకయ్యేది. మా నాయిన గడ్డివామి సాటుకు ఉరికేటోడు.”

ఎందుకు ఉరికేవాడో తెలంగాణ పాఠకులకు వేరే చెప్పనక్కరలేదు. దొర బండికి ఎడ్లు కావాలి, దౌరాకు వచ్చిన అధికారికి కట్టెలు, గడ్డి, కోళ్ళు కావాలి, మూటలు మోసే నెత్తులు కావాలి. కూలి లేదు. అదే వెట్టి. నిజాం రాజ్యంలో దివానీ గ్రామమని, జాగీరు గ్రామమని, సంస్థానమని భేదం లేకుండా అది సాగింది. పిలుచుకు రావడం బంట్రోతు పని. మా ముత్తాత ఆ అవ్వ తండ్రిని గడ్డివామి చాటునుంచి లాక్కువెళ్ళాడు. ఒకసారి కాదు.

ఇక్కడ తొందరపడి తీర్పు చెప్పేవారున్నారు. బంట్రోతు దొర చేతి కర్ర అని ఒకరు, అతడూ పీడితుడే గనుక తప్పు లేదని మరొకరు. నాకు రెండూ అసంపూర్ణంగా కనిపిస్తాయి. పన్నెండేళ్ళు ఆ డవాలా కట్టిన మనిషి సంతానానికి రెండెకరాలైనా మిగల్చలేదు. 1949లో జాగీర్ల రద్దుతోపాటు సంస్థానాలు ముగిసినప్పుడు దొరలకు పరిహారం వచ్చింది. ముప్ఫయ్యో నంబరుకు బిళ్ళ మాత్రం మిగిలింది. ఇది నిజమే. గడ్డివామి కూడా నిజమే. భూస్వామ్యం పేదవాడి కాళ్ళతోనే పేదవాడిని తరిమించింది. పెద్దనాన్న పెట్టమన్న ‘ఉద్యోగి’ అన్న మాట ఈ రెండు నిజాలనూ ఒక్కసారే కప్పివేస్తుంది. అందుకే నేను ఒప్పుకోలేదు. ఆయనా పట్టు విడవలేదు. చట్రం ఖాళీగా ఉన్నది.

సురవరం ప్రతాపరెడ్డిగారు ఈ ప్రాంతంవారే. ఇటిక్యాలపాడు ఇప్పటి జోగులాంబ గద్వాల జిల్లాలో ఉన్నది; 1952లో ఆయన శాసనసభకు ఎన్నికైంది వనపర్తి నుంచి. ప్రబంధాలలో రాజుల పొగడ్తలు పక్కనపెట్టి, ఆనాటి జనం ఏమి తిన్నారు, ఏమి కట్టారు, ఏ ఆటలు ఆడారు అని వెతికి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ రాశారు. 1955లో దానికి సాహిత్య అకాడమీ బహుమానం వచ్చింది. ఆయన పద్యంలోనుంచి వస్తువును బయటికి తీశారు. మన అటకల మీది వస్తువులలోనుంచి మనుషులను బయటికి తీసే పని మనకు మిగిలి ఉన్నది.

మిగిలిన రెంటి సంగతి త్వరగా తేలింది. కాడెద్దులు 1952 ఎన్నికల నుంచి 1969 చీలిక దాకా కాంగ్రెసు గుర్తు. రేకు నాలుకను మడిచి జేబుకు తగిలించుకునే రకం. ఎర్ర నక్షత్రం మా నాన్నది. ఎవరో రష్యా వెళ్ళివచ్చి ఇచ్చారట. వెనుక సూది, పక్కన కోపెక్కులలో ధర ముద్రించి ఉన్నది. సోవియట్ బిళ్ళలలో చాలావాటికి అలా ఉంటుంది. మధ్యలో ఉంగరాల జుట్టు పసివాడి ముఖం, చిన్ననాటి లెనిన్. దానిని సోవియట్ దేశంలో ఒకటో తరగతి మొదలు చిన్నపిల్లలు పెట్టుకునేవారు. మా నాన్న డిగ్రీ చదివే రోజుల్లో దానిని గుండెకు పెట్టుకుని వనపర్తిలో ఊరేగింపు నడిచారు. ఈ సంగతి చెప్పి నవ్వితే ఆయన నవ్వలేదు. “అయితే ఏమిరా, మేమూ అప్పుడు ఒకటో తరగతిలనే ఉంటిమి” అన్నారు.

తానుగా పెట్టుకున్న బిళ్ళ వేరు, ఒకరు తగిలించిన బిళ్ళ వేరు అని ఇక్కడ రాయబోయి ఆగాను. మన సభలలోనే వలంటీరు బిళ్ళ పెట్టుకోగానే గొంతు మారిన కుర్రవాళ్ళను చూశాను.

గద్వాల కోటలో ఇప్పుడు డిగ్రీ కళాశాల ఉన్నది, వనపర్తి రాజప్రాసాదంలో పాలిటెక్నిక్. ఒకప్పుడు బంట్రోతు అడ్డగించిన గుమ్మాలలోనుంచి బంట్రోతుల మనుమలు, వెట్టివారి మనుమలు పుస్తకాలతో లోపలికి వెళ్ళారు. నేను తరగతిలో ఈ బిళ్ళల సంగతి చెప్పిన వారానికి ఒక విద్యార్థిని గుడ్డలో చుట్టి ఒకటి తెచ్చింది. ఆమె ముత్తాత గద్వాల స్టేషనులో హమాలీ. కోడిగుడ్డు ఆకారంలో ఇత్తడి, చేతి పట్టీకి కట్టేది. ఇంగ్లీషులో ఎన్.ఎస్.ఆర్. అని ఉన్నది. గ్యారంటీడ్ కంపెనీ నుంచి రైల్వేను 1930లో నిజాం ప్రభుత్వం తీసుకున్నది. 1951 నవంబరులో అది సెంట్రల్ రైల్వేలో కలిసింది. కనుక బిళ్ళ ఆ నడిమి కాలానిది. కింద 17.

ఊళ్ళో ఇప్పటికీ వాళ్ళను ‘పదిహేడోళ్ళు’ అంటారని ఆమె చెప్పింది. హాజరు పట్టీలో ఇంటిపేరు వేరే ఉన్నది.