హెరాల్డుతో కాపురం

పూర్వం మన దేశంలో సొంత కారు గల సంసారులు రెండు తెగలుగా వుండేవారు. అంబాసిడరు కొన్నవారిది ఒక తెగ, ఫియట్టు కొన్నవారిది మరొక తెగ. ఈ రెండింటిలోనూ ఇమడని కొద్దిమంది హెరాల్డు కొనేవారు. మొదటి తెగవారు వీరిని చూసి జాలిపడేవారు. రెండో తెగవారు చాటుగా నవ్వుకునేవారు. హెరాల్డు యజమాని మాత్రం ఎవరినీ లెక్కచేయక, సందు మలుపులో బండిని ఒక్క విసురున తిప్పుకుని చక్కా పోయేవాడు.

మా మేనమామగారు ఈ మూడో తెగలోని వారు. 1965 నాటి రెండు తలుపుల స్టాండర్డు హెరాల్డును 1974లో మద్రాసులో సెకండుహాండుకు కొని నెల్లూరు తోలుకువచ్చారు. ఆయన 2009లో పోయాక బండి నా పాలికి వచ్చింది. అంటే దాని యాభయ్యేళ్ళ చరిత్రలో సగం విన్నవాణ్ణి, సగం కన్నవాణ్ణి. కాబట్టి బండిని చూసిన ప్రతివారూ అడిగే ప్రశ్నకు జవాబు చెప్పే అర్హత నాకు కొద్దో గొప్పో వుందనుకుంటాను. ఆ ప్రశ్న ఇది: “చూడ్డానికి సొగసుగానే వుంది. కానీ నమ్మవచ్చునా?”

ముందు దాని పుట్టుపూర్వోత్తరాలు మనవి చేస్తాను. ట్రయంఫ్ హెరాల్డు 1959లో ఇంగ్లండులోని కొవెంట్రీలో పుట్టింది. దాని రూపం దిద్దినవాడు మికెలోట్టి అనే ఇటలీవాడు. 1961 నుంచి మద్రాసులో స్టాండర్డు హెరాల్డు పేరుతో తయారైంది. ఇంజను చిన్నదే, 948 సి. సి. బరువు సుమారు 800 కిలోలు. దీని చాసీనే కొంత కురచ చేసి, 1962లో అక్కడివారు స్పిట్‌ఫయరు అనే స్పోర్ట్సు కారు చేశారు. అంటే మన హెరాల్డు అచ్చమైన స్పోర్ట్సు కారు కాకపోయినా, దాని తోబుట్టువన్నమాట. మద్రాసు దగ్గర షోలవరంలోని పాత విమానాల మైదానంలో పందేలు జరిగే రోజుల్లో హెరాల్డులూ పరుగెత్తేవి.

దీనికి రెండు గుణాలున్నాయి. మొదటిది, మలుపు. పాతిక అడుగుల స్థలంలో బండి మొత్తం గుండ్రంగా తిరిగి వస్తుంది. నెల్లూరు ట్రంకు రోడ్డు పక్క సందుల్లో మిగతా కార్లవారు వెనక్కీ ముందుకీ కుస్తీ పట్టే చోట, మామయ్య ఒంటిచేత్తో తిప్పేవారు. రెండోది, బానెట్టు. మడ్గార్డులతో సహా ముందుభాగమంతా మొసలి నోరులా ముందుకు తెరుచుకుంటుంది. ఇంజను, చక్రాలు, స్టీరింగు అన్నీ బట్టబయలు. మెకానిక్కు దర్జాగా ముందు టైరు మీద కూర్చుని పని చేసుకోవచ్చు. ఏ కారు ఇంత నిజాయితీగా తన లోపలి సంగతులు బయటపెట్టుకుంటుంది?

అవగుణం చెప్పమంటే, మా అత్తయ్య తలుపుల సంగతి ముందు చెప్పేది. వెనక సీటుకు చేరాలంటే ముందు సీటు వంచి, నడుం వంచి, తల వంచి పోవాలి. పట్టుచీరతో పేరంటానికి బయలుదేరిన ఇల్లాలికి ఇది పెళ్ళిలో తలంబ్రాల కన్నా కష్టమైన తంతు. మనవారి ఈ బాధ చూసే కాబోలు, తరవాతి రోజుల్లో మద్రాసులో నాలుగు తలుపుల హెరాల్డు కూడా తయారు చేశారు.

అయితే తలుపుల బాధ బాధ కాదు. అసలు కథ ముందు చక్రాల దగ్గర వుంది.

ముందు చక్రాన్ని మోసే ఉక్కు కడ్డీ కింది కొనకు మరచుట్లు వుంటాయి. ఆ కొన ట్రనియన్ అనే ఇత్తడి జాతి లోహపు ముక్కలోకి, సీసాలోకి మరమూతలా, దిగి వుంటుంది. మీరు స్టీరింగు తిప్పిన ప్రతిసారీ ఆ కడ్డీ ఈ మరచుట్లలోనే తిరుగుతుంది. కనుక అక్కడ ఎప్పుడూ నూనె వుండాలి. గ్రీజు కాదు, చిక్కటి గేరు నూనె. బండితో వచ్చిన పుస్తకంలోనూ నూనె అనే వుంది. ఎందుకంటే గ్రీజు ఆ సన్నటి చుట్ల లోపలికి సరిగా పాకదు. ఉన్నచోటనే వుండి ఏళ్ళు గడిచేకొద్దీ గట్టిపడి దారి మూసేస్తుంది. పైనుంచి వర్షపు నీరు చేరుతుంది. ఉక్కుకు తుప్పు పడుతుంది, చుట్లు అరుగుతాయి. పైకి ఏమీ కనపడదు, ఏ చప్పుడూ వినపడదు. ఒకనాడు ఆ కడ్డీ పుటుక్కున తెగి, చక్రం బండి కిందకు మడుచుకుపోతుంది.

ఇది నేను పుస్తకంలో చదివి చెబుతున్నది కాదు. మామయ్యగారి వీధిలోనే ఒక డాక్టరుగారికి మరో హెరాల్డు వుండేది. 1987 వేసవిలో ఆయన తన పిల్లలతోపాటు నన్నూ ఎక్కించుకుని పెంచలకోన నరసింహస్వామి దర్శనానికి తీసుకువెళ్ళారు. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. పోయి వచ్చాం. లారీల మధ్యనుంచి, గోతుల మీదుగా, చీకటి పడకముందే ఇల్లు చేరాలని వేగంగానే వచ్చాం. ఇంటి గేటు దగ్గర ఆయన స్టీరింగును చివరిదాకా తిప్పారు. బండి నడక మనిషి నడక కన్నా ఎక్కువేమీ లేదు. అప్పుడు టప్పుమని ఎడమ చక్రం పక్కకు ఒరిగి, బండి ముక్కు నేల మీద ఆనింది.

ఎవరికీ దెబ్బ తగల్లేదు. పిల్లలం నవ్వుతూనే దిగాం. డాక్టరుగారు మాత్రం దిగి, గేటు పట్టుకుని చాలాసేపు నిలబడ్డారు. ఆయన మనసులో ఏ లెక్క జరుగుతున్నదో నాకు పెద్దయ్యాక గాని తెలియలేదు. ఒక్క అరగంట ముందు అదే చక్రం లారీకి ఎదురుగా ఒరిగి వుంటే?

మామయ్య వచ్చి, తెగిన ముక్కను చేతిలోకి తీసుకుని చూశారు. చుట్ల మధ్య నల్లటి గ్రీజు, రాయిలా. డాక్టరుగారికి తీరిక లేదు. డ్రైవరు బండిని నెలనెలా ఒక సర్వీసు స్టేషనుకు తోలుకుపోయేవాడు. వాళ్ళు అన్ని కార్లకూ చేసినట్టే దీనికీ గన్నుతో గ్రీజు కొట్టి పంపేవారు. డబ్బు ఖర్చు కాకపోలేదు, శ్రద్ధకు లోటు లేదు. ప్రతి నెలా ఠంచనుగా, ప్రాణం తీసే మందే వేయిస్తూ వచ్చారు!

డాక్టరుగారు ఆ నెలలోనే బండి అమ్మేశారు. “మనదీ అమ్మండి” అన్నది అత్తయ్య. మామయ్య ఎంత చెప్పినా వినలేదు. “ఆ బండిలో పిల్లలు ఎక్కుతారు. మీ నూనె కథలు నాకు తెలియవు. ఎక్కిన ప్రతిసారీ నేను ప్రాణాలు అరచేతిలో పెట్టుకోలేను” అన్నది. నాకు తెలిసి మా మామయ్య ప్లీడరీలో ఏ జడ్జీ ముందూ ఇంత ఇబ్బంది పడి వుండరు.

చివరకు రాజీ కుదిరింది. సంక్రాంతికి, ఉగాదికి, వినాయక చవితికి, దీపావళికి, ఏడాదికి నాలుగుసార్లు, మామయ్య స్వయంగా రెండు చక్రాలకూ నూనె పట్టాలి. పాత నూనె బయటకు వచ్చి కొత్త నూనె కనిపించేదాకా పట్టాలి. అత్తయ్య దగ్గర నిలబడి చూడాలి. చూశాక వంటింటి కాలెండరులో ఆ తేదీకి కుంకుమ బొట్టు పెట్టాలి. బొట్టు లేని బండి ఎక్కేది లేదు. ఇరవై రెండేళ్ళు ఆ ఒప్పందం తప్పలేదు. ఏటా పాత కాలెండరు తీసేటప్పుడు మామయ్య ఆ నాలుగు కాగితాలూ చింపి దాచేవారు. బండితోపాటు ఆ కట్ట కూడా నాకు వచ్చింది. ఏ కంపెనీ హామీపత్రం కన్నా దాని మీదే నాకు గురి.

ఇక వెనక చక్రాల సంగతి. అంబాసిడరుకు వెనక రెండు చక్రాలనూ కలిపి ఒకే ఇరుసు. హెరాల్డుకు దేని దారి దానిది. ఒకే ఒక కమాను కట్ట అడ్డంగా పరుచుకుని రెండు వైపులా చక్రాలను మోస్తుంది. చక్రాలు రెక్కల్లా పైకీ కిందికీ ఆడతాయి. ఇద్దరో ముగ్గురో ఎక్కితే హాయిగా వుంటుంది. మనవాళ్ళు ఆరుగురు ఎక్కి, పైన బియ్యం బస్తా కూడా వేస్తారాయె! కమాను కుంగి, చక్రాలు కాళ్ళు చాపి కూలబడిన గేదెలా తయారవుతాయి. టైర్లు లోపలి అంచున అరిగిపోతాయి.

మా బంధువుల్లో ఒక వ్యాపారస్థుడు దీనికి మందు కనిపెట్టాననుకుని, కమానుకు మరో రెండు పట్టీలు వేయించాడు. బరువున్నప్పుడు బాగానే వుంది. ఖాళీగా వున్నప్పుడు బండి వెనకభాగం లేచి, చక్రాల అడుగులు లోపలికి ముడుచుకున్నాయి. అసలే ఇటువంటి చక్రాలకు ఒక చెడ్డ గుణం వుంది. మలుపులో వేగంగా పోతూ, భయపడి చటుక్కున యాక్సిలరేటరు వదిలితే, బయటి చక్రం లోపలికి ముడుచుకుని వెనకభాగం జారుతుంది. పట్టీలు కలిపితే ఆ గుణం మరీ ముదురుతుంది. ఆయన ఒక వానరోజున ఎదురువైపు తిరిగి నిలబడి, ఆ మర్నాడే రెండు పట్టీలూ తీయించాడు. ఇంగ్లండులో స్పిట్‌ఫయరుకు 1970లో ఈ కమాను పద్ధతే మార్చారు. మన మద్రాసులో 1970ల్లో హెరాల్డు స్థానంలో వచ్చిన గజెల్‌కు మామూలు ఇరుసే వేశారు. మామయ్య పద్ధతి వేరు: బరువు తగ్గించు, మలుపుకు ముందే వేగం తగ్గించు, మలుపులో కాలు నిలకడగా వుంచు. పైసా ఖర్చు లేని వైద్యం.

తక్కినవి చిల్లర జబ్బులు. నెల్లూరు ఎండకు పెట్రోలు గొట్టంలోనే ఆవిరై బండి ఆగిపోయేది. పంపు మీద తడిగుడ్డ వేసి, ఒక సోడా తాగి వస్తే మళ్ళీ కదిలేది. క్లచ్చి వదిలినప్పుడు వెనక టక్కుమంటే క్రాసు జాయింటు అరిగినట్టు. అది బండి ముందుగా పంపే కార్డు ముక్క. చదువుకుంటే చవక, చదవకపోతే ఖరీదు. మరొక చిక్కు రెంచీలది. ఈ బండి బోల్టులు అంగుళాల లెక్కవి. ఇప్పటి కుర్ర మెకానిక్కుల దగ్గర వుండేవి మిల్లీమీటర్లవి. అర అంగుళం బోల్టుకు 13 మిల్లీమీటర్ల రెంచీ పడుతుంది కానీ వదులు. రెండుసార్లు బలంగా తిప్పితే బోల్టు తల గుండ్రమై కూర్చుంటుంది. అందుకని మామయ్యగారి రెంచీల సంచీ నేను ఎప్పుడూ బండిలోనే వుంచుతాను.

నా హయాంలో కొత్త చిక్కులు పెట్రోలు నుంచి వచ్చాయి. 2000 సంవత్సరం నుంచి దేశమంతటా సీసం లేని పెట్రోలే. పాత ఇంజను వాల్వుల సీట్లకు ఆ సీసమే మెత్తలా పనిచేసేది. అది పోయాక అవి త్వరగా అరగసాగాయి. హెడ్డు విప్పించి గట్టి సీట్లు వేయించాను, ఆ బాధ తీరింది. ఇప్పుడు పెట్రోలులో 20 శాతం ఇథనాలు కలుస్తున్నది. అది పాతకాలపు రబ్బరును తినేస్తుంది, గాలిలోని తేమను పీల్చుకుంటుంది. గొట్టాలు, పంపులోని డయాఫ్రం దానికి తట్టుకునే రకానివి వేయించాను. ట్యాంకులో పెట్రోలు నెలల తరబడి నిలవ వుంచను. సామాను కోసం మద్రాసు పుదుపేట పాతసామాను కొట్లు తిరుగుతాను. అక్కడ దొరకనివి ఇంగ్లండు నుంచి తెప్పిస్తాను. స్పిట్‌ఫయరు అభిమానుల పుణ్యమా అని ముందు చక్రాల సామాను అక్కడ నేటికీ కొత్తగా తయారవుతున్నది.

ఇంతకూ, నమ్మవచ్చునా అంటే, ఆ రెండు హెరాల్డులనూ చూడండి. ఒకే కార్ఖానా, ఒకే వీధి, ఒకే ఎండ. ఒకటి నట్టింటి గేటు దగ్గర కూలబడింది. రెండోది ఈ నాటికీ నడుస్తున్నది. తేడా ఇనుములో లేదు. అంబాసిడరు మన అజాగ్రత్తను కొంతకాలం సహించేది. హెరాల్డు సహించదు. పోనీ కోపం చూపిస్తుందా అంటే అదీ లేదు, లోలోపల కృశిస్తుంది. అటువంటి బండిని ఇతరుల చేతికి ఒప్పగించి నిశ్చింతగా వుండదలచినవారు కొనకపోవడమే మంచిది. అది తప్పేమీ కాదు. డాక్టరుగారు అమ్మి మంచిపనే చేశారు.

మోజు తీరక కొనదలచినవారికి ఒక్క మాట. రంగు చూడకండి, సీట్లు చూడకండి. జాకీ పెట్టి ముందు చక్రం పైకెత్తించి, పైనా కిందా పట్టుకుని ఊపి చూడండి. అది కదలకపోయినా సంతోషించి డబ్బు తీయకండి. “ఇక్కడ ఏం పట్టిస్తున్నారండీ?” అని యజమానిని అమాయకంగా అడగండి. “నెలనెలా మంచి గ్రీజు” అన్నాడా, కాఫీ ఇస్తే తాగి, నమస్కారం పెట్టి, బస్సెక్కి ఇంటికి వచ్చేయండి.