కుంగిన స్ప్రింగు మెత్తబడినట్టు కాదు

బీర్కూర్‌లో మా బాపు 1985 నాటి ప్రీమియర్ పద్మిని షెడ్డులో ఎడమ పక్కకి ఒరిగి నిలబడి ఉండేది. "గా బండి కుంటిదాని లెక్క ఉంటె సూడబుద్ది గాదు బిడ్డా" అనేవాడు. డెబ్బై నాలుగేళ్ల మనిషి, పవర్ స్టీరింగ్ లేని బండి, పైగా బాన్సువాడకి తనే నడుపుకుంటూ పోతానంటాడు. తుక్కుకి అమ్మెయ్యమని తమ్ముడు. యాభై ఏళ్లు దాటిన బండ్లకి 2021లో వచ్చిన వింటేజ్ రిజిస్ట్రేషన్ దీనికి దక్కాలంటే 2035 దాకా ఆగాలి. అందాకా ఐదేళ్లకోసారి ఫిట్‌నెస్ చూపించి ఆర్.సీ. పొడిగించుకోవాల్సిందే.

అంబాసిడర్‌కి ముందు టార్షన్ బార్లు, పద్మినికేమో కాయిల్ స్ప్రింగులు. మెకానిక్ అన్న చూడగానే తేల్చేశాడు: "స్ప్రింగు లూజైంది సార్. వేడిచేసి సాగదీద్దం, లేకుంటే కుడిదాంట్ల అరచుట్టు కోస్తె రెండూ సమానమైతయ్."

మన సాఫ్ట్‌వేరు బుద్ధి ఊరుకుంటుందా? ముందు లాగ్ చూడాలి కదా :) బండిని కాస్త ముందుకీ వెనక్కీ దొర్లించి, చక్రం మధ్య నుంచి మడ్‌గార్డు అంచు దాకా టేపుతో కొలిచాను. ఎడమ 20 మి.మీ. తక్కువ. తర్వాత ముందు సీట్ల దగ్గర అటొకటి ఇటొకటి యాభై కిలోల బియ్యం బస్తాలు పెట్టి మళ్లీ కొలిచాను. రెండు పక్కలా 14 మి.మీ.లే దిగింది! అంటే స్ప్రింగు ఎత్తు పోయింది గానీ బలం పోలేదు.

కారణం సింపుల్. స్ప్రింగు గట్టిదనం తీగ మందం, చుట్టు వ్యాసం, చుట్ల సంఖ్య, ఉక్కు గుణం మీద ఆధారపడుతుంది. ఏళ్ల తరబడి బరువు మోసి శాశ్వతంగా కుంగినా ఇవేవీ పెద్దగా మారవు. తుప్పు పడితే మాత్రం కథ వేరు. మందం నాలుగో ఘాతంలో లెక్కకొస్తుంది కాబట్టి 12 మి.మీ. తీగ 11.5 అయితే గట్టిదనం దాదాపు 16 శాతం పోతుంది. అందుకే వెర్నియర్‌తో కూడా చూశాను, తీగ బాగానే ఉంది.

విప్పి పక్కపక్కన నిలబెడితే ఎడమది 12 మి.మీ. పొట్టి. (విప్పేటప్పుడు కంప్రెసర్ తప్పనిసరి, నొక్కి ఉన్న స్ప్రింగు ఎగిరితే చెయ్యి పోతుంది.) అది విష్‌బోను మధ్యలో కూర్చుంటుంది కాబట్టి అక్కడి 12 చక్రం దగ్గరికొచ్చేసరికి 20 అవుతుంది.

ఇక అన్న చెప్పిన వైద్యాలు. ఎనిమిది చుట్లలో అర కోస్తే ఏడు శాతం గట్టిపడుతుంది, ఆ పక్క కూడా కుంగుతుంది. మంట పెట్టి సాగదీస్తే ఉక్కు పదును దిగిపోతుంది, నాలుగు నెలల్లో మళ్లీ మొదటికే. 12 మి.మీ. ప్యాకింగ్ పెట్టడం వీటికంటే చాలా నయం, గట్టిదనం మారదు. కానీ కుంగడం మొదలైన స్ప్రింగు అక్కడితో ఆగుతుందన్న భరోసా ఏదీ?

కుడి స్ప్రింగు కూడా అదే వయసుది, కాబట్టి హైదరాబాద్‌లో అసలు కొలతలకి జత చేయించాం. అరిగిన బుష్షులూ అప్పుడే మార్చాం. ఎత్తు మారితే చక్రాల వాలూ మారుతుంది, కాబట్టి వారం తిప్పి స్ప్రింగులు సర్దుకున్నాక అలైన్‌మెంట్. తమ్ముడు బిల్లు చూసి నాతో రెండ్రోజులు మాట్లాడలేదు.

ముందుభాగం లేచేసరికి ఇప్పుడు వెనక కుంగినట్టు కనిపిస్తోంది. బాపు అప్పుడే కమాన్ కట్టలు చేసేవాళ్లని వాకబు చేస్తున్నాడు.