సరిజోడు

సంచికకు ఏదైనా రాసి పంపమని విద్యార్థి సంఘం మిత్రులు అడిగారు. "మీ అమెరికా అనుభవాలు రాయండి సార్" అని ఒక ముక్క కూడా చేర్చారు. అమెరికా అనుభవాలు మన సంచికలో ఇదివరకే చాలామంది రాశారు. మంచూ, కార్లూ, ఒంటరితనమూ అన్నీ అయిపోయాయి. ఇక నాకు మిగిలింది రెసిస్టరు ఒక్కటే. ఉద్యోగ జీవితంలో సగం దానితోనే గడిచింది గనక దాన్ని గురించే రాస్తాను. ఆర్ట్సు విద్యార్థులు పేజీ తిప్పెయ్యకుండా కాస్త ఓపిక పట్టాలని మనవి. ఇందులో ఒకావిడ ఉద్యోగం కథ కూడా ఉంది.

రెసిస్టరంటే మొదటి సంవత్సరం ల్యాబులో అందరం చూసినదే. ఒంటి చుట్టూ రంగు గీతలు, చివర బంగారు గీత ఉంటే విలువలో 5 శాతం అటో ఇటో, వెండి గీత ఉంటే 10 శాతం అటో ఇటో. పారేసుకున్నా ఎవరూ అడగనంత చవక. అదే వస్తువును చిప్పు లోపల చెయ్యబోతే అప్పుడు తెలుస్తుంది దాని పొగరు. ట్రాన్సిస్టర్లు లక్షల్లో కావాలన్నా చేసిపెట్టే ఫ్యాక్టరీ, "సరిగ్గా 1000 ఓముల రెసిస్టరు ఒక్కటి చేసిపెట్టండి చాలు" అంటే తల గోక్కుంటుంది.

చిప్పులో రెసిస్టరు చెయ్యటానికి దారులు నాలుగైదున్నాయి. నేను పనిచేసింది పాలీసిలికాన్‌తో. చిప్పుకు ఆధారమైన వేఫరు మొత్తం ఒకే స్ఫటికం. పాలీసిలికాన్ అట్లా కాదు, అది చిన్న చిన్న స్ఫటికాల గుంపు. సైలేన్ అనే వాయువును తక్కువ పీడనంలో, సుమారు 620 డిగ్రీల వేడిలో వేఫర్ల మీదుగా పోనిస్తే, హైడ్రోజన్ విడిపోయి సిలికాన్ పల్చటి పొరగా దిగుతుంది. మందం సాధారణంగా అర మైక్రానుకు లోపే. 1968లో ఫెయిర్‌చైల్డ్ కంపెనీలో ఫెడెరికో ఫాజిన్ సిలికాన్ గేటు పద్ధతిని కుదిర్చిన తరవాత ఈ పొర ఎటూ చిప్పులో ఉండనే ఉంది. ఇంట్లో ఉన్న సరుకే కదా అని దాన్నే పట్టీలుగా కోసి రెసిస్టర్లు చేసుకోవటం మొదలెట్టారు. కింద ఆక్సైడు పొర గాజుపలకలాగా అడ్డం ఉంటుంది గనక కరెంటు వేఫరులోకి కారిపోదు. అదొక పెద్ద సుఖం.

దీని లెక్క చదరాల్లో నడుస్తుంది. ఇంట్లో పరిచిన షాబాదు బండలు ఊహించుకోండి. పొర మందం ఒకటే అయినప్పుడు, ఒక చదరపు బండకు ఈ అంచు నుంచి ఆ అంచుకు ఎంత నిరోధమో, అంతకు నాలుగింతలు పెద్ద చదరానికీ అంతే నిరోధం. పొడుగు పెరిగితే నిరోధం పెరుగుతుంది, వెడల్పు పెరిగితే తగ్గుతుంది, చదరంలో రెండూ సమానం గనక చెల్లుకు చెల్లు. కాబట్టి చదరానికి 200 ఓములైతే, వరసగా అయిదు చదరాల పొడుగు పట్టీ తీస్తే 1000 ఓములు. కాగితం మీద ఇంత సులువు.

అసలు చిక్కు ఆ చిన్న స్ఫటికాల మధ్య ఉంది. నేను పల్లెటూరి వాణ్ణి, నాకు మడులూ గట్లే తోస్తాయి. ఒక్కో స్ఫటికం ఒక మడి, రెండు స్ఫటికాలు కలిసేచోట గట్టు. ఆ గట్టు మీద పరమాణువుల వరస చెదిరి, బంధం కుదరక చేతులు చాచుకుని ఉన్న సిలికాన్ పరమాణువులుంటాయి. మనం కరెంటు మొయ్యటానికని బోరాన్ కలిపితే, ఆ మోసే వాటిని ముందు గట్టే పట్టేస్తుంది. ఎండాకాలం కాలవ వదిలినప్పుడు మొదటి నీళ్లన్నీ నెర్రెలు తాగేసినట్టు. 1975లో సేటో అనే ఆయన ప్రచురించిన వ్యాసం ఈ సంగతిని లెక్కగట్టి చూపింది. ఘన సెంటీమీటరుకు బోరాన్ 10కి 17వ ఘాతం దరిదాపుల్లో ఉన్నంతసేపూ కరెంటు మోసేవి దాదాపు లేనట్టే. 10కి 19వ ఘాతం దాకా పోసేసరికి, పోసినదాంట్లో సుమారు 90 శాతం పనికొచ్చింది. మధ్యలో కాస్త ఎక్కువ తక్కువైతే నిరోధం తలకిందులే. అందుకని కచ్చితమైన రెసిస్టరు కావాలనుకునేవాడు ఆ జారుడుబండ మీద నిలబడడు. గట్లన్నీ తడిసిపోయేటంతగా, చదరపు సెంటీమీటరుకు వెయ్యి లక్షల కోట్ల అయాన్ల లెక్కన బోరాన్ దించుతాడు.

ఇందులో ఒక అందమైన సంగతి ఉంది. వేడెక్కితే గట్టు దాటటం సులువై నిరోధం తగ్గుతుంది. మడి లోపల మాత్రం వేడికి స్ఫటికం కంపించి ప్రయాణం కష్టమై నిరోధం పెరుగుతుంది. బోరాన్ మోతాదు ఒకానొక చోట సరిగ్గా కుదిరితే ఈ రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుని, ఎండైనా చలైనా రెసిస్టరు దాదాపు కదలదు. చదరానికి కొన్ని వందల ఓముల దగ్గిర అట్లా కుదురుతుంది. ఏకస్ఫటికంలో దొరకని ఈ నిలకడ, లోపాల పుట్ట అయిన పాలీసిలికాన్‌లో దొరకటం నాకిప్పటికీ వింతే.

సరే, ఇంత చేసినా 1000 ఓములు రావు. పొర మందం కొలిమిలో ముందున్న వేఫరుకొకలా, వెనకున్న దానికొకలా దిగుతుంది. పట్టీ వెడల్పు ఎచింగులో రవ్వంత తగ్గుతుంది. 2 మైక్రాన్ల పట్టీలో పదో వంతు మైక్రాను పోతే ఎంత శాతమో మీరే లెక్కేసుకోండి. బోరాన్ మోతాదు, తరవాత కాల్చే వేడి, లోహం ఆనేచోట నిరోధం, తిలాపాపం తలాపిడికెడు. అన్నీ కలిసి 15, 20 శాతం అటూ ఇటూ కావటం మామూలే. అంటే మన ల్యాబులోని వెండిగీత రెసిస్టరు దీనికన్నా నయం!

మరి ఇట్లాంటి వాటితో వెయ్యిలో ఒక వంతు తప్పని యంత్రాలు ఎట్లా చేస్తున్నారు? జవాబు మనం ల్యాబులో విసుక్కుంటూ చేసిన పోస్టాఫీసు పెట్టె ప్రయోగంలోనే ఉంది. బ్యాటరీ వోల్టేజి ఎంతో మనకు తెలియదు, తెలియనక్కర్లేదు. గాల్వనామీటరు ముల్లు కదలకుండా నిలిచిందంటే రెండు చేతుల నిష్పత్తి సమానం. అంతే. చిప్పులోనూ డిజైనరు "నాకు 1000 ఓములివ్వు" అని అడగడు. "ఈ రెండూ ఒకటిగా ఉండాలి, ఎంతైనా సరే" అంటాడు. మందం తగ్గితే ఇద్దరికీ తగ్గుతుంది, కొలిమి వేడెక్కితే ఇద్దరూ కాల్తారు. విలువలో 20 శాతం తప్పే జంట, నిష్పత్తిలో వెయ్యిలో ఒక వంతు కూడా తప్పదు.

అయితే ఊరికే రాదా పొత్తు. ఇద్దరిదీ ఒకే పొడుగు, ఒకే వెడల్పు, ఒకే దిక్కు, పక్కపక్క ఇళ్లు. చెరుకుతోటలో గట్టువార మొక్క లోపలి మొక్కలాగా ఎదగదు కదా, ఎచింగులో చివరి పట్టీ కూడా అంతే. అందుకని రెండు కొసలా ఏ పనీ లేని పట్టీలు ఒక్కోటి నాటుతారు, వాటిని డమ్మీలంటారు. పట్టీలను ముక్కలు చేసి రాముడు, లక్ష్మణుడు, లక్ష్మణుడు, రాముడు అన్న వరసలో అల్లితే, వేఫరు మీద ఈ పక్కనుంచి ఆ పక్కకు మెల్లగా మారే తేడా చెరిసగం పంచుకుపోతుంది. ఇవన్నీ చేసినా మిగిలే తేడాను తగ్గించాలంటే జాగా పెంచాలి. ఫిలిప్స్ పరిశోధనశాలలో పెల్‌గ్రోమ్, ఆయన సహచరులు 1989లో ట్రాన్సిస్టర్లకు చూపిన లెక్క దీనికీ వర్తిస్తుంది. తేడా సగం కావాలంటే విస్తీర్ణం నాలుగింతలు కావాలి. 2021లో మన ప్రభుత్వం సెమీకండక్టర్ మిషన్‌కు ఆమోదం తెలిపిన దగ్గర్నించీ పత్రికల్లో నానోమీటర్ల మాటే ఎక్కువ వినపడుతోంది. ఎంత చిన్నదైతే అంత గొప్ప. కానీ ఈ పెద్దమనిషి మాత్రం అందరూ ఇరుక్కుని కూర్చునే బస్సులో రెండు సీట్లు అడిగే రకం.

చేసిన తరవాత సరిదిద్దుకునే ఉపాయమూ ఉంది. జపానులో అమెమియా, ఓనో, కాటో 1979లోనూ 1982లోనూ రాసిన వ్యాసాల్లో, బాగా బోరాన్‌లాంటివి కలిపిన పాలీసిలికాన్ పట్టీలో ఒక హద్దు దాటి కరెంటు పంపితే దాని నిరోధం తగ్గి అక్కడే నిలిచిపోతుందని చూపారు. ఆ విధంగా ఒక్కో చిప్పునూ విడిగా దువ్వి చక్కబరచవచ్చు. గొప్ప పనే. నాకెందుకో అంత ఇష్టం లేదు. పుట్టుకతో సరిగ్గా ఉండే జంటను చేసుకోవటంలో ఉన్న తృప్తి, పుట్టాక వాత పెట్టటంలో లేదు.

ఇక ఆవిడ కథ. 1988లో నేను అమెరికాలో ఒక చిన్న చిప్పుల కంపెనీలో టెస్టు విభాగంలో ఉన్నాను. పేరు అనవసరం. అంకెలను వోల్టేజిగా మార్చే 10 బిట్ల చిప్పొకటి తయారవుతోంది. అందులో ఒక ముఖ్యమైన రెసిస్టర్ల జంట వెయ్యికి ఒక వంతు లోపల సరిపోవాలి. లాట్ల మీద లాట్లు అర శాతం తేడాతో వస్తున్నాయి. అర శాతమంటే వెయ్యిలో అయిదు. చిప్పు చెత్తబుట్టకే. పై వాళ్లకు కోపం వచ్చింది. ఎవరో ఒకరు దొరకాలి కదా, రాత్రి షిఫ్టులో కొలిమి చూసే ఆపరేటరు దొరికింది. వియత్నాం నుంచి వచ్చిన మనిషి, యాభైకి దగ్గిర, ఇద్దరు పిల్లలు చదువుకుంటున్నారు. వేఫర్ల పడవను కొలిమిలోంచి తొందరగా లాగేస్తోందనీ, కాలటం చాలటం లేదనీ అభియోగం. ఒక హెచ్చరిక కాగితం ఇచ్చారు. రెండోది వస్తే ఇంటికే. ఆడలేక మద్దెల ఓడన్న సామెత నాకా రోజు గుర్తొచ్చింది గాని, అక్కడ ఎవరికి చెప్పను?

కొలతలన్నీ నా దగ్గిరే ఉన్నాయి. కూర్చుని వరసగా రాసుకుంటూ పోయాను. లాటుకు 25 వేఫర్లు. కొలిమి ముందు భాగపు వేఫరుకూ వెనక భాగపు వేఫరుకూ రెసిస్టరు విలువలో 8 శాతం దాకా తేడా ఉంది. అది కొలిమి సంతకం. కానీ జంటలో ఇద్దరి మధ్య తేడా మాత్రం ప్రతి వేఫరులోనూ అదే అర శాతం, ఎప్పుడూ అదే వైపు. పగటి షిఫ్టు లాట్లలోనూ అంతే. కొలిమి తప్పయితే ఇద్దరూ కలిసి పెరగాలి, కలిసి తగ్గాలి. పక్కపక్కన పడుకున్న కవలల్లో ప్రతి రాత్రీ ఒకడికే జ్వరం తెప్పించే కొలిమి ఎక్కడుంటుంది? తప్పు ఆ ఇద్దరికీ ఉమ్మడిగా లేని దేంట్లోనో ఉండాలి.

సూక్ష్మదర్శిని కింద చూస్తే కనిపించింది. ఒక రెసిస్టరు మీదుగా అల్యూమినియం తీగ పోతోంది, రెండోదాని మీద ఆకాశం ఖాళీ. తీగకూ రెసిస్టరుకూ మధ్య ఆక్సైడు ఉంది, తగలదు. కాని చివర్లో లోహాన్ని కుదుర్చటానికి 450 డిగ్రీల దగ్గిర హైడ్రోజన్ కలిపిన వాయువులో వేఫరును ఉడికిస్తారు. ఆ హైడ్రోజన్ లోపలికి పాకి, ఇందాక చెప్పిన గట్ల మీద చేతులు చాచుకుని ఉన్న పరమాణువులను పట్టుకుంటుంది. గట్టు మారితే నిరోధం మారుతుంది. లోహం కప్పినచోట హైడ్రోజన్ చేరే తీరు వేరు, తెరిపిగా ఉన్నచోట వేరు. ఊహే కావచ్చునని, ఆ ఉడికింపుకు ముందొకసారి, తరవాతొకసారి అవే వేఫర్లను కొలిచాను. ముందు జంట సరిగ్గానే ఉంది. తరవాత అర శాతం విడిపోయింది.

కాగితాలు పట్టుకెళ్లి మేనేజరు బల్ల మీద పెట్టాను. ఆయన చాలాసేపు చూసి, డిజైన్ వాళ్లను పిలిపించాడు. లోహపు మాస్కు ఒక్కటే మార్చి తీగను పక్కకు జరిపారు. కొత్త మాస్కుతో వచ్చిన మొదటి లాటులో తేడా పదివేలలో ఆరు. హెచ్చరిక కాగితాన్ని ఫైలులోంచి తీసేశారని విన్నాను. క్షమాపణ చెప్పినట్టు మాత్రం వినలేదు.

ఆవిడకు సంగతి నేనే చెప్పాను. అసలు ఆ రెసిస్టరు ఎట్లా ఉంటుందో చూపించమంది. పదేళ్ల నుంచి కొలిమిలో వేఫర్లు పెట్టి తీస్తున్నా, లోపలి బొమ్మను ఎవరూ ఆవిడకు చూపించలేదట. రాత్రి షిఫ్టు మొదలయ్యే ముందు సూక్ష్మదర్శిని దగ్గిరికి తీసుకెళ్లాను. తీగ జరిగిన చోటు చూపించాను. ఆవిడ తల ఎత్తలేదు. వేఫరును మెల్లగా జరుపుకుంటూ చిప్పు అంతా చూసి, కింది మూలన ఆగి, "ఇక్కడ కూడా ఒకదాని మీదే ఉంది, రెండోదాని మీద లేదు, ఇది పరవాలేదా?" అని అడిగింది. అది వోల్టేజి రిఫరెన్సు దగ్గిరి జంట. దానికి టెస్టు పాడ్లు లేవు గనక ఏ కొలతలోనూ కనపడదు. మర్నాడు డిజైన్ వాళ్లకు చెబితే దాన్నీ మార్చారు.