పట్టా బీకాంది, వీసా హెల్పర్‌ది

"అన్నా, డిగ్రీ అయిపోయింది. మీ దిక్కు ఏమన్న ఉంటే సూడున్రి."

ఎండాకాలంలో పరీక్షల ఫలితాలు వచ్చాయంటే చాలు, షార్జాలో ఉన్న నా ఫోనుకు ఈ మాట రావడం మొదలవుతుంది. పంపేవాళ్లలో ఎక్కువమంది మా వెల్గటూర్ మండలం పిల్లలు. వాళ్ల వెనకే ధర్మపురి, ధర్మారం, జగిత్యాల, కోరుట్ల వాళ్లు. మెసేజ్ కింద ఒక పేజీ బయోడేటా ఉంటుంది. నెట్ సెంటర్ ఒక్కటే కాబట్టి అందరిదీ ఒకటే అచ్చు. బీకాం కంప్యూటర్స్ అని రాసి ఉంటుంది. కంప్యూటర్ మీద ఏ పని వచ్చో ఉండదు. హాబీలు మాత్రం తప్పకుండా ఉంటాయి.

నేనొక కన్‌స్ట్రక్షన్ కంపెనీలో అకౌంట్స్ చూస్తాను. ఉద్యోగాలిచ్చే కుర్చీ కాదు నాది. కాకపోతే జీతాల షీటు నా చేతి మీదుగా పోతుంది కాబట్టి, ఎవరు ఏ వీసా మీద దిగారో, ఎవరి పేరు పక్కన ఏ హోదా ఉందో తెలుస్తుంది. ఆ షీటులో నన్ను అన్నిటికన్నా బాధపెట్టేది, డిగ్రీ చదివిన మన పిల్లల పేరు పక్కన 'హెల్పర్' అని చూడటం. జీతం వెయ్యి దిర్హాంల చుట్టూ తిరుగుతుంది. పక్క వరుసలో బడి ముఖం చూడని మనిషికీ అంతే. పని తక్కువదని కాదు నా బాధ. మూడేళ్ల చదువుకు ఈ దేశంలో లెక్క లేకుండా పోవడం నా బాధ.

మా ముందు తరానికి ఆ బాధ లేదు. సిరిసిల్ల నేతపనివాళ్లు భివండి సాంచెల మీదికి పోయారు, మా ఊళ్లవాళ్లు బొంబాయి పోయారు. 1978 సెప్టెంబరులో రైతుకూలీల జగిత్యాల జైత్రయాత్ర జరిగింది. మరుసటి నెలలోనే జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు. అదే కాలంలో ఇక్కడ చమురు డబ్బుతో భవనాలు లేస్తున్నాయి. అక్కడ పోలీసుల భయం, ఎండిన బావులు. ఇక్కడ కూలి. వాళ్లు సంతకం రానివాళ్లుగా వచ్చి, ఎండలో పనిచేసి, ఆ పైసలతో పిల్లల్ని చదివించారు. ఆ చదువుకున్న కొడుకు తండ్రి దిగిన క్యాంపులోనే, తండ్రి వీసా మీదనే దిగుతుంటే ఇంట్లోవాళ్లు ఏమనుకోవాలె?

ఊళ్లో ఏమీ లేదా అంటే, ఉంది. ఎదురుచూపు ఉంది. కరీంనగర్ రీడింగ్ రూముల్లో, హైదరాబాద్ అశోక్‌నగర్ హాస్టళ్లలో మా మండలం పిల్లలు ఏళ్లకేళ్లు గడిపారు. తెలంగాణ తొలి గ్రూప్-1 కథే చూడండి. 2022లో 503 పోస్టులకు నోటిఫికేషన్. ఆ అక్టోబరులో ప్రిలిమ్స్. 2023 మార్చిలో పేపర్ల లీకేజీ బయటపడి రద్దు. జూన్‌లో మళ్లీ పరీక్ష. దాన్ని హైకోర్టు కొట్టేసింది. 2024 ఫిబ్రవరిలో 563 పోస్టులతో కొత్త నోటిఫికేషన్, అక్టోబరులో మెయిన్స్. 2025 సెప్టెంబరులో సింగిల్ జడ్జి ఫలితాలను పక్కన పెట్టారు, డివిజన్ బెంచ్ ఆ తీర్పుపై స్టే ఇచ్చింది, నెలాఖరులో నియామక పత్రాలు చేతికొచ్చాయి. డిగ్రీ అయిన పిల్లవాడు ఈ మూడేళ్లూ ఎక్కడుండాలి, ఏం తినాలి అన్నది ఏ నోటిఫికేషన్లోనూ ఉండదు. న్యాయంగా చెప్పాలంటే, 11,062 పోస్టుల 2024 డీఎస్సీ ఏడాది తిరక్కుండానే నియామక పత్రాల దాకా వచ్చింది. వేగంగా చేయడం చేతకాదని కాదు మరి.

ఈ ఎదురుచూపు తెగిపోయిన రోజే ఏజెంటు తలుపు తడతాడు. అందుకే, వీసాకు అప్పు చేసేముందు ఇక్కడి లెక్క ఎట్లా నడుస్తదో ఒకసారి వినమంటాను.

ఎమిరేట్స్ కార్మిక శాఖ ఉద్యోగాలను నైపుణ్య స్థాయులుగా విడదీస్తుంది. మొదటి ఐదు స్థాయుల్లో ఉంటేనే 'నైపుణ్యం గలవాడు' అన్న లెక్క. దానికి అటెస్టేషన్ అయిన సర్టిఫికెట్ ఉండాలి, జీతం 4,000 దిర్హాంలకు తగ్గకూడదు. పెళ్లాం పిల్లల్ని తెచ్చుకోవాలన్నా మామూలుగా అడిగే జీతం అదే. హెల్పర్‌గా దిగినవాడు ఈ గీతకు కింద ఉంటాడు. తెలివిగలవాడైతే ఆరు నెలల్లో ఫోర్‌మన్ అతన్ని స్టోర్‌లో కూర్చోబెడతాడు, ఎక్సెల్‌లో లెక్కలు రాయిస్తాడు. పని స్టోర్‌కీపర్‌ది, కాగితం హెల్పర్‌దే. రెండేళ్ల తర్వాత చేతికొచ్చే అనుభవ పత్రంలోనూ అదే మాట.

ఎల్లంపల్లి ప్రాజెక్టు ముంపులో భూమి పోయిన కుటుంబం నుంచి వచ్చిన పిల్లగాడొకడు నాకు తెలుసు. ఆఫీసు లోపల హల్కా పని అని చెప్పి ఏజెంటు పంపాడట. నూటికి రెండు రూపాయల మిత్తికి తెచ్చిన లక్షన్నర ఏజెంటుకు కట్టారు. ఇక్కడ దిగాక చూస్తే షట్టరింగ్ పని. పిల్లగాడు గట్టోడు, తట్టుకున్నాడు. ఇంకో కంపెనీలో స్టోర్‌కీపర్ ఉద్యోగం పడింది, ఇంటర్వ్యూ కూడా అయ్యింది. అటెస్టేషన్ చేసిన పట్టా తెమ్మన్నారు. మనవాడి దగ్గర ప్రొవిజనల్ ఉంది, అసలు పట్టాకు ఎన్నడూ దరఖాస్తు పెట్టలేదు. వాళ్ల నాయన యూనివర్సిటీ చుట్టూ తిరిగి, పట్టా తీసి, రాష్ట్ర ప్రభుత్వం ముద్ర, విదేశాంగ శాఖ ముద్ర, ఎంబసీ ముద్ర వేయించేలోపు ఆ ఉద్యోగం కేరళ పిల్లవాడికి పోయింది. కేరళవాళ్లు ఈ ముద్రలన్నీ వేయించుకునే విమానం ఎక్కుతారు. అది వాళ్ల ఇళ్లలో ఆనవాయితీ, మన ఇళ్లలో ఇంకా కాలేదు.

ఆ పట్టా శాతవాహన యూనివర్సిటీది. 2008లో కరీంనగర్‌లో పెట్టిన ఆ యూనివర్సిటీ పేరుకు, మా మండలంలోని కోటిలింగాలకు ఎంత దగ్గరి సంబంధమో చరిత్ర చదివినవాళ్లకు చెప్పనక్కర్లేదు. తొలి శాతవాహనుల నాణేలు దొరికింది అక్కడే. రెండువేల ఏళ్ల కింద మా ఊరి నాణెం ఎక్కడెక్కడ చెల్లిందో గాని, ఇయ్యాల మా ఊరి పట్టా సముద్రం దాటి చెల్లాలంటే మూడు ముద్రలు కావాలి.

అసలు పట్టా తీసుకోకపోవడం అంతా పిల్లల నిర్లక్ష్యం అనుకోకండి. ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిలు రాలేదని సర్టిఫికెట్లు ఆపే కాలేజీలు ఉన్నాయి. సర్కారు కాలేజీకి ఇవ్వాలి, కాలేజీ పిల్లవాణ్ని పట్టుకుంటుంది. 2025 నవంబరు మొదట్లో ప్రైవేటు కాలేజీలు ఈ బకాయిల మీద బంద్ కూడా పెట్టాయి. కాలేజీల గోస నిజమే కావచ్చు. అప్పు ఇద్దరి మధ్య ఉంటే, మూడోవాడి కాగితాలు తాకట్టు పెట్టుకోవడం ఏ పద్ధతి?

ఇంకో సంగతి చాలామందికి పట్టదు. 1983 వలస చట్టం ప్రకారం, పదో తరగతి పాస్ కాని కార్మికుడు గల్ఫ్‌తో సహా 18 దేశాలకు పోవాలంటే ఎమిగ్రేషన్ క్లియరెన్స్ కావాలి. అతని ఒప్పందం కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో నమోదవుతుంది, ప్రవాసీ భారతీయ బీమా తప్పనిసరిగా ఉంటుంది. పదో తరగతి దాటితే ఈ క్లియరెన్స్ అక్కర్లేదు. చదువుకున్నవాడు, తన మంచిచెడ్డ తానే చూసుకుంటాడని చట్టం అనుకుంది. 2018 చివర్లో వీళ్లకూ నమోదు తప్పనిసరి చేస్తామన్నారు, అంతలోనే వెనక్కి తీసుకుని ఇష్టమైతే చేసుకొమ్మన్నారు. కాబట్టి మన బీకాం పిల్లవాడు హెల్పర్ పనికే పోతున్నా, హెల్పర్‌కు ఉన్న కాపలా అతనికి లేదు. విజిట్ వీసా మీద కూడా నిక్షేపంగా విమానం ఎక్కేస్తాడు. ఏజెంట్లకు డిగ్రీ పిల్లలంటే అందుకే అంత ప్రేమ. ఈ కిటికీ ఒక్కటి మూస్తే సగం మోసాలు ఆగుతాయని నా నమ్మకం. ఇష్టమైతే చేసుకునే ఆ నమోదు ఇప్పటికైనా చేసుకోవచ్చు, చేసుకుని రండి.

గల్ఫ్ కార్మికుల కోసం తెలంగాణ ప్రభుత్వం ఏమీ చేయలేదని అనను. 2024 సెప్టెంబరులో జీవో తెచ్చింది. గల్ఫ్‌లో చనిపోయినవాళ్ల కుటుంబానికి 5 లక్షల సాయం, 2023 డిసెంబరు 7 నుంచి వర్తించేట్టు. మా జిల్లాలో ఆ చెక్కు ఆసరా అయిన ఇళ్లున్నాయి. చనిపోయాక ఇచ్చే సాయానికి ఇంత స్పష్టమైన కాగితం ఉన్నప్పుడు, బయల్దేరేముందు మండల కేంద్రంలో ఒక్క పూట కూర్చోబెట్టి ఈ వీసా ఏంటి, ఈ ఒప్పందంలో ఏం రాశారు అని చదివి చెప్పే మనిషిని పెట్టడం కష్టమా?

సర్కారుదే టామ్‌కామ్ అని రిక్రూటింగ్ సంస్థ ఉంది. జర్మనీకి, జపాన్‌కు నర్సులను భాష నేర్పించి పంపుతుంది. బీడీలు చుట్టిన తల్లుల బిడ్డలు నర్సింగ్ చదివి కరీంనగర్ ప్రైవేటు ఆసుపత్రుల్లో చిన్న జీతాలకు చేస్తున్నారు. నా దృష్టిలో వాళ్లకు, మా ప్రాంతానికి ఇప్పుడున్న మంచి దారి ఈ టామ్‌కామే. కానీ హెల్పర్ వీసాకు లక్షన్నర అప్పు చేసే ఇల్లు, బిడ్డ జర్మన్ నేర్చుకోవడానికి ఒక ఏడాది ఆగదు. ఆడపిల్లను అంత దూరమా అంటారు. దుబాయ్ అరుగు పక్కనే ఉన్నట్టు!

ఇక నాకు బాగా తెలిసిన సంగతి, నా సొంత పని. ఎమిరేట్స్‌లో 2018 జనవరి 1 నుంచి 5 శాతం వ్యాట్ వచ్చింది. 2023 జూన్ నుంచి కంపెనీల లాభం మీద 9 శాతం కార్పొరేట్ పన్ను వచ్చింది, 3,75,000 దిర్హాంలు దాటిన లాభానికి. అంతకుముందు పన్ను అంటే ఏంటో తెలియని చిన్న చిన్న కంపెనీలన్నీ ఒక్కసారిగా లెక్కలు రాసే మనిషి కోసం వెతకడం మొదలుపెట్టాయి. ఇటు మన దగ్గర 2017 జూలై నుంచి జీఎస్టీ ఉంది. జగిత్యాలలో ఒక ఆడిటర్ దగ్గర కూర్చుని రైస్ మిల్లులకు, విత్తనాల షాపులకు, సిరిసిల్ల బట్టల వ్యాపారులకు ఏడాదిపాటు జీఎస్టీ రిటర్నులు వేసిన పిల్లవాడికి ఇక్కడి వ్యాట్ నేర్చుకోవడం పది రోజుల పని. ఇన్‌పుట్ క్రెడిట్ అంటే ఏంటో వాడికి ఒంట పట్టి ఉంటుంది. ఆ ఏడాదిలో ఆడిటర్ ఇచ్చేది పెట్రోలు ఖర్చుకు చాలకపోవచ్చు. అయినా బయోడేటాలో 'బీకాం కంప్యూటర్స్' అన్న రెండు మాటల కన్నా ఆ ఒక్క ఏడాదికే నా పక్క గది హెచ్‌ఆర్ విలువ ఇస్తాడు. ఆయన మొదట అడిగే ప్రశ్న ఎప్పుడూ ఒకటే, ఇంతకుముందు ఎక్కడ చేశావని.

ఆడిటర్ దొరకకపోతే అప్రెంటిస్‌షిప్ ఉంది. ఇంజనీర్లకే అనుకుంటారు గాని బీఏ, బీకాం, బీఎస్సీ వాళ్లకూ అవకాశం ఉంది. 30 మంది, అంతకు మించి పనిచేసే సంస్థలు అప్రెంటిస్‌లను తీసుకోవాలని చట్టం. స్టైపెండ్ తక్కువే, అందులో కొంత కేంద్రం భరిస్తుంది. ఏడాది అయ్యాక చెన్నైలోని అప్రెంటిస్‌షిప్ బోర్డు సర్టిఫికెట్ ఇస్తుంది. మాకు రామగుండం ఎంత దూరం? ఎన్టీపీసీ, సింగరేణి, ఎరువుల ఫ్యాక్టరీ అన్నీ ధర్మారం దాటితే వస్తాయి. 2024 అక్టోబరులో మొదలైన ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ కూడా ఇలాంటిదే. మొదలుపెట్టినప్పుడు 21 నుంచి 24 ఏళ్ల వాళ్లకు పెద్ద కంపెనీల్లో ఏడాది, నెలకు 5,000 అన్నారు. ఇవి ఉద్యోగాలు కావు, ఏడాది తర్వాత పొమ్మంటారు. అయినా చేతిలో పని అనుభవం ఉన్నట్టు కాగితం ఉంటుంది.

గల్ఫ్ తలుపులు ఎల్లకాలం తెరిచి ఉంటాయన్న భరోసా కూడా లేదు. ఎమిరేట్స్‌లో 50 మంది, అంతకు మించి ఉన్న ప్రైవేటు కంపెనీలు నైపుణ్య ఉద్యోగాల్లో స్థానికులను ఏటా 2 శాతం చొప్పున పెంచుకుంటూ 2026 నాటికి 10 శాతానికి చేరాలి. సౌదీలో అకౌంటెంట్ ఉద్యోగాలకే స్థానికుల కోటా పెట్టారు. అమెరికా సంగతి చెప్పనే అక్కర్లేదు, 2025 సెప్టెంబరులో కొత్త హెచ్-1బి దరఖాస్తుకు లక్ష డాలర్లన్నారు. మధ్యరకం కుర్చీలు తగ్గుతున్నాయి, హెల్పర్ల అవసరం మాత్రం తగ్గలేదు. డిగ్రీ పిల్లవాడు కాగితాలు సరిచేసుకోకుండా వస్తే ఏ వైపు జారతాడో దీన్నిబట్టి తెలుస్తుంది.

గల్ఫ్‌లో ఉన్న మా మండలం అన్నలకు ఒక మాట. ఊరి నుంచి తమ్ముడు ఫోన్ చేస్తే "వీసా చూస్తా తీ" అని మొహమాటానికి అనకండి. ఆ మాట పట్టుకుని వాడు ఆరు నెలలు ఖాళీగా కూర్చుంటాడు. వాడి బయోడేటా చదివి, హాబీలు కొట్టేయించి, వచ్చిన పని రాయించండి. అసలు పట్టా ఉందా అని అడగండి. మీ జీతమెంతో, రూములో ఎంతమంది ఉంటారో నిజం చెప్పండి. సెలవుకు పోయినప్పుడు సెంటు బాటిళ్లు పంచినట్టే ఈ వివరాలూ పంచండి.

పిల్లలకు, వాళ్ల నాయనలకు ఒకటే. రిజిస్టర్డ్ ఏజెంటు సర్వీసు ఛార్జీగా తీసుకోదగ్గది 30,000 రూపాయలు, దానిమీద జీఎస్టీ. లైసెన్సు ఉందో లేదో ఈ-మైగ్రేట్‌లో పేరు కొడితే తెలుస్తుంది. అంతకుమించి అడిగితే రసీదు ఇమ్మనండి. ఇవ్వనంటే పాస్‌పోర్టు వెనక్కి తీసుకుని ఇంటికి రండి.