ఫోన్‌లోనూ మండీయే!

పలమనేరు దగ్గర ఓ పల్లె. తండ్రికి రెండెకరాల టమోటా తోట. కొడుకు బెంగళూరులో గేములు తయారుచేసే చిన్న కంపెనీలో ఉద్యోగి. పండక్కి ఇంటికొచ్చిన రాత్రి భోజనాల దగ్గర తాను సొంతంగా చేసిన గేము చూపించాడు. తండ్రి మురిసిపోయాడు. ఆ వెంటనే రైతు అడగాల్సిన ప్రశ్నే అడిగాడు.

‘కమీషన్ ఎంత పట్టుకుంటారు రా అబ్బోడా?’

‘గేములో ఎవరన్నా వంద రూపాయలు పెట్టి ఏదన్నా కొంటే పదిహేను ఫోన్ అంగడివాళ్లకే నాయనా. పెద్ద కంపెనీలైతే ముప్ఫై.’

‘ముప్ఫయ్యా! నచ్చకపోతే ఇంకో మండీకి పో. మదనపల్లెలో రేటు లేకుంటే నేను పుంగనూరుకో కోలారుకో తోలడంల్యా?’

కొడుకు దగ్గర జవాబు లేదు. సరిగ్గా ఈ ప్రశ్న మీదే అమెరికా కోర్టుల్లో ఏళ్ల తరబడి వాదనలు నడిచాయి!

‘ఫోర్ట్‌నైట్’ గేమును తయారుచేసిన ఎపిక్ సంస్థ 2020 ఆగస్టు 13న ఓ తెగింపు చేసింది. డబ్బు నేరుగా తమకే కడితే ధర తగ్గిస్తామని ఆటగాళ్లకు చెప్పింది. అదే రోజు ఆపిల్, గూగుల్ రెండూ ఆ గేమును తమ స్టోర్ల నుంచి తీసేశాయి. ఎపిక్ కోర్టుకెక్కింది. అనంతపురం జిల్లా మూలాలున్న సత్య నాదెళ్ల సారథ్యంలోని మైక్రోసాఫ్ట్ కూడా ఎపిక్‌కు మద్దతుగా వాంగ్మూలమిచ్చింది.

స్టోర్ల వాదనా తీసిపారేసేది కాదు. మోసపు యాప్‌లను ఏరేది మేమే, కోట్లమంది ముందు సరుకు పెట్టేదీ మేమే అంటాయవి. 2021లో ఆపిల్‌ది గుత్తాధిపత్యమని రుజువు కాలేదన్న కోర్టు, బయట చెల్లించే దారి చూపనివ్వకపోవడం మాత్రం తప్పంది. గూగుల్ కేసులో 2023 డిసెంబరులో జ్యూరీ ఎపిక్ పక్షానే నిలిచింది. ఫోర్ట్‌నైట్ మళ్లీ అమెరికా ఐఫోన్లలోకి రావడానికి 2025 మే దాకా పట్టింది.

మన దేశంలోనూ చెల్లింపుల నిబంధనల మీద కాంపిటీషన్ కమిషన్ 2022 అక్టోబరులో గూగుల్‌కు 936.44 కోట్ల రూపాయల జరిమానా వేసింది. 2025 మార్చిలో అప్పీలు ట్రైబ్యునల్ దాన్ని సుమారు 216 కోట్లకు తగ్గించింది.

అంతా విని తండ్రి కాసేపు ఆలోచించాడు. ‘మండీని తప్పుపట్టలేం రా. అది లేకుంటే మన కాయ రోడ్డుపాలే. అవసరానికి అప్పిచ్చేదీ మండీవోళ్లే. అప్పు తీసుకున్నాక సరుకు వాళ్లకే వెయ్యాల, అదొక్కటే బాధ.’

‘మాకు అప్పూ ఇవ్వరు నాయనా. పైగా ఆ అంగడివాళ్లు కూడా గేములు అమ్ముతారు.’

‘తూకమేసేవాడే తోట పెట్టినాడా! ఇంకేం న్యాయం రా?’

దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వలేదన్నట్టు, ఆడేవాళ్లున్నా, ఆట బాగున్నా, గడప దాటించేవాడి దయ కావాలి. కోట్లున్న ఎపిక్ ఏళ్ల తరబడి పోరాడగలిగింది. రెండు గదుల అద్దె ఇంట్లో గేము రాసుకునే కుర్రాడికి వకీలు ఫీజెక్కడిది?

తెల్లవారుజామున మూడింటికి తండ్రితో పాటు కొడుకూ లేచాడు. పెట్టెలు వ్యాన్‌కెక్కించి మండీకి వెళ్లాడు. వేలం ముగిశాక చేతికొచ్చిన చీటీలో, చిన్నప్పటి నుంచీ చూస్తున్నా ఎన్నడూ చదవని వరసను మొదటిసారి వేలు పెట్టి చదివాడు... కమీషన్!