సింగ్ నగర్ రేకుల మందిరంలో

సింగ్ నగర్ ఫ్లైఓవర్ దిగాక ఆటో అబ్బాయితో “పాస్టరుగారి మందిరానికి పోనీ” అన్నాను. “ఏ పాస్టరుగారండీ?” అన్నాడు. అడగాల్సిన మాటే. బెజవాడలో రైలు పట్టాలకు అవతల ఉన్న ఈ వైపు, అజిత్‌సింగ్ నగర్, వాంబే కాలనీ, పాయకాపురం, కండ్రిక కలిపి తిరిగితే రెండు మూడు సందులకో మందిరం తగులుతుంది. కొన్ని డాబాలు, కొన్ని మేడమీద గదులు, కొన్ని మామూలు ఇళ్లే. గుమ్మం మీద సిలువ, పక్కన ఒక ఫ్లెక్సీ, అంతే. “పెయింటింగ్ పనికి వెళ్తారే, ఆ పాస్టరుగారు” అని చెప్పాక గానీ బండి కదల్లేదు.

మందిరం అంటే రేకుల షెడ్డు. అంతకుముందు పాత ఇనుప సామాను వేసుకునే గోడౌనట. నెలకు ఆరున్నర వేలు అద్దె. నేలంతా ప్లాస్టిక్ పట్టాలు, మగవాళ్లు ఒక పక్క, కొంగు తలమీద కప్పుకున్న ఆడవాళ్లు ఒక పక్క. మోకాళ్లు వంగని ముసలివాళ్లకు మాత్రం గోడ వార నాలుగు కుర్చీలు. చెప్పులు బయటే. ఈ నేలమీద కూర్చోవడం, చెప్పులు విడవడం, ఆరాధన అయ్యాక అందరూ కలిసి తినడం భక్త్‌సింగ్ సంఘాల్లో చూసినవాళ్లకు కొత్తేం కాదు. ఆయన 1950లో హైదరాబాదులో హెబ్రోను మందిరం మొదలుపెట్టారు, 2000లో కన్నుమూశారు. ఈ షెడ్డుకు ఆ సంఘాలతో ఏ సంబంధమూ లేదు. పద్ధతి మాత్రం వచ్చి చేరింది.

ఇక్కడికొచ్చేవాళ్లను సొంతూళ్లో ఏ గుడికి వెళ్లేవారని అడిగితే రకరకాల జవాబులు. గుంటూరు వైపు నుంచి వచ్చినవాళ్లు లూథరన్. ఒంగోలు వైపువాళ్లు బాప్టిస్టులు. నూజివీడు దగ్గరి నుంచి వచ్చిన ఒక మేస్త్రీ కుటుంబం ఆర్‌సీఎం, అంటే రోమన్ కేథలిక్కులు. ఇప్పటికీ ఫిబ్రవరి 9 నుంచి 11 దాకా గుణదల మేరీమాత ఉత్సవాలకు తప్పకుండా వెళ్తారు, అక్కడ తలనీలాలూ ఇస్తారు. పాస్టరుగారికి అది నచ్చదు. అయినా ఏమీ అనరు. “ఊళ్లో ఏ మిషనైతేనేం బాబుగారూ, ఇక్కడ నడిచి వెళ్లగలిగిందే మన గుడి” అంది మేస్త్రీ భార్య. ఆటోకి యాభై రూపాయలు పెట్టే స్తోమత లేని చోట మనుషులు సిద్ధాంతాన్ని బట్టి సంఘాన్ని ఎంచుకోరు.

ఆరాధన పదింటికి మొదలై ఒంటిగంట దాటింది. కీబోర్డు వాయించే కుర్రాడు ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డులో పనిచేస్తాడు. గోళ్ల కింది నలుపు ఆదివారం కూడా పోలేదు. నలభై అయిదు మంది పట్టే గదికి ఆ స్పీకర్లు ఎందుకో నాకు అర్థం కాలేదు. చుట్టుపక్కలవాళ్ల ఓర్పుకు కూడా ఒక దండం పెట్టాలి. క్రైస్తవ కవి పురుషోత్తమ చౌదరి కాలం నాటి పాత కీర్తన ఎత్తుకుంటే ముసలమ్మలు పుస్తకం లేకుండా కళ్లు మూసుకుని పాడారు. కొత్త పాటలకు కుర్రాళ్లు ఫోను చూసుకున్నారు.

ప్రసంగం కన్నా నన్ను సాక్ష్యాలు పట్టుకున్నాయి. ఎవరైనా లేచి తమ వారం ఎలా గడిచిందో చెప్పుకోవచ్చు. కొన్ని ఎక్కడైనా వినేవే: తాగుడు మానిన భర్త, తగ్గిన జ్వరం, దొరికిన పని. అందులో అబద్ధముందని కాదు, చెప్పి చెప్పి మాటలు అరిగిపోయాయి. తర్వాత నాలుగిళ్లలో పనిచేసే ఒకావిడ లేచింది. “మా ఆయన ఇంకా మానలేదు. తొమ్మిదేళ్ల నుంచి ప్రార్థన చేస్తున్నాను. మొన్న కూడా తాగొచ్చాడు. అయినా దేవునికి స్తోత్రం” అని, ఆ వెంటనే, “పిల్లదాని ఫీజుకి మూడు వేలు తక్కువైంది, ఎవరైనా అప్పిస్తే దీపావళికి తీరుస్తాను” అంది. ఎవరూ నవ్వలేదు. ఇబ్బందిపడ్డవాళ్లూ లేరు. ఆరాధన అయ్యేసరికి ఇద్దరు కలిసి సర్దేశారు. ఈ మాట ఇంకెక్కడ ఇంత తేలిగ్గా అడగ్గలదు? వడ్డీ వ్యాపారి దగ్గర అడిగితే నూటికి నాలుగో అయిదో అంటాడు, డ్వాక్రా గ్రూపులో ఈ నెల వంతు ఆమెది కాదు, బంధువులు ఊళ్లో.

వేదిక పక్కన మూతపెట్టిన నీలం డ్రమ్ము ఒకటుంది. లోపలికి వచ్చే ప్రతి ఆడమనిషీ చేతిలో చిన్న గుడ్డసంచో, బిస్కట్ కవరో తెచ్చి దాంట్లో గుమ్మరించి పట్టామీద కూర్చోవడం పొద్దుటే గమనించాను. పిడికెడు బియ్యం. ఇంట్లో అన్నం వండే ప్రతిసారీ ఎసట్లో పోసే ముందు ఒక పిడికెడు తీసి పక్కన పెడతారు. వారం తిరిగేసరికి పోగైంది ఇక్కడికి చేరుతుంది. పల్లెల్లో పాత మిషను సంఘాల్లో ఇది ఎప్పటినుంచో ఉంది. వాళ్లతోపాటే పట్నానికి వచ్చింది.

పాస్టరమ్మ డ్రమ్ము మూత తీసి చూపించారు. సన్నం, లావు, రేషన్ బియ్యం, కొంచెం నూకలు, అన్నీ కలిసిపోయి ఉన్నాయి. చెయ్యిపెట్టి ఒక దోసెడు తీసి కిటికీ వెలుతురులో చాపారు. “చూడండి, ఈ వారం అంతా లావు గింజే. అంటే సెంట్రింగ్ పనులు లేవు. పనులు బాగుంటే సన్నాలు పడతాయి.” పోయిన వర్షాకాలంలో ఒకామె సంచి రెండు వారాలు రాలేదట. అడగలేదు, ఇంటికి వెళ్లి చూశారు. మొగుడికి పరంజి మీంచి పడి కాలు విరిగింది, ఎవరికీ చెప్పుకోలేదు. మూడో వారం నుంచి డ్రమ్ములో బియ్యం ఆమె ఇంటికే వెళ్లాయి. ఆ బియ్యం వెళ్లేది ఇలాంటి ఇళ్లకే: మంచాన పడ్డవాళ్లకి, కొత్తగా భర్త పోయినవాళ్లకి, చావు జరిగిన ఇంట్లో మూడు రోజులు వంటకి. ఇందులో క్రైస్తవులు కాని ఇళ్లు కూడా ఉన్నాయా అని అడిగాను. “పక్కింటోళ్లని వదిలేసి ఇస్తామా అండీ” అన్నారామె, నా ప్రశ్నకి కొంచెం నొచ్చుకుని.

బియ్యం కోసం మతం మారారన్న మాట తెలుగునాట దళిత క్రైస్తవులు నూటయాభై ఏళ్లుగా పడుతున్నారు. 1876–78 కరవులో ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించాడు. కూలి కోసం వస్తారేమోనని ఆ రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశాడు. పని అయిపోయాక, 1878 జులై 3న, ఒక్కరోజే 2,222 మంది వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్లు కూలి ముగిశాక వచ్చారన్న సంగతి ఎవరికీ గుర్తుండదు, నింద మాత్రం మిగిలిపోయింది. ఈ షెడ్డులో నేను చూసింది బియ్యం తీసుకునేవాళ్లను కాదు, కార్డు మీద వచ్చిన బియ్యంలోంచి కూడా పిడికెడు తీసి ఇచ్చేవాళ్లను.

2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు ఈ పేటలన్నిటినీ ముంచింది. ఆరోజు ఆదివారం, అందులోనూ నెలలో మొదటి ఆదివారం. ఈ సంఘంలో మొదటి ఆదివారం బల్ల ఉంటుంది. అంటే రొట్టె, ద్రాక్షారసం పంచుకునే రోజు. శనివారం రాత్రే రొట్టె తెచ్చి పాస్టరుగారింట్లో పెట్టుకున్నారు. తెల్లవారేసరికి సందులో మోకాలు లోతు, కాసేపటికి నడుము లోతు. షెడ్డులో కీబోర్డు, పుస్తకాలు, డ్రమ్ములో బియ్యం అన్నీ పోయాయి. వీళ్లంతా ఎదురింటి డాబా ఎక్కారు. ఆ ఇల్లుగలవాళ్లు ఏటా అయ్యప్ప మాల వేసుకునేవాళ్లు. పైన ముప్ఫై మందికి పైగా, తాగడానికి వాన నీళ్లు, కరెంటు లేదు, ఫోన్లు చచ్చిపోయాయి.

“రెండో రోజుకి పిల్లలు ఏడుపు” అన్నారు పాస్టరమ్మ. “బల్ల రొట్టె నా సంచిలోనే ఉంది. తీయడానికి చెయ్యి రాలేదు. అయ్యగారే తీసి, ప్రార్థన చేసి, ఆ ఇంటి పిల్లలకీ మా పిల్లలకీ తుంచి పెట్టేశారు. ఆ నెల బల్ల అదే అన్నారు.” పాస్టరుగారు పక్కనే ఉన్నారు. తల ఊపారు గానీ ఏమీ మాట్లాడలేదు.

బుడమేరు మళ్లింపు కాలువకు పడ్డ మూడు గండ్లూ పూడ్చడానికి సైన్యం కూడా దిగింది. కొన్ని సందుల్లో వారం దాటినా నీళ్లు తగ్గలేదు. ప్రభుత్వం ఫైరింజన్లు తెచ్చి ఇళ్లలో బురద కడిగించింది. నేల అంతస్తు మునిగిన ఇంటికి 25 వేలు, పై అంతస్తువాళ్లకి 10 వేలు ఇచ్చింది. అది ఇళ్లకి. అద్దె షెడ్డులో ఉన్న మందిరం ఏ జాబితాలోనూ లేదు. బురద వీళ్లే ఎత్తారు. తడిసిన బైబిళ్లు అదే డాబా మీద ఆరబెట్టుకున్నారు. ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ పుస్తకం ఒకటి నాకు చూపించారు. పేజీలు అట్టలా అతుక్కుపోయాయి, విడదీస్తే అక్షరాలతో సహా ఊడొస్తాయి. పారేయలేదు.

పొగడ్తలు ఇక్కడితో ఆపుతాను. సంఘం అన్నది కూడా ఊళ్లోంచే వచ్చింది, ఊళ్లో ఉన్నవన్నీ తెచ్చుకుంది. మాల, మాదిగ కుటుంబాలు ఈ పట్టామీద పక్కపక్కనే కూర్చుంటాయి, ఒకే గిన్నెలోది తాగుతాయి. పెళ్లి మాటకొస్తే ఎవరి దారి వాళ్లది. పాస్టరుగారిని అడిగితే తప్పించుకోలేదు. “నేను చేసిన పెళ్లిళ్లలో కలిసినవి రెండే. రెండూ లేచిపోయి వచ్చినవే” అన్నారు.

దశమభాగం సంగతి కూడా నాకు మింగుడుపడలేదు. తొమ్మిది వేలు సంపాదించే పనిమనిషి తొమ్మిది వందలు కానుక సంచిలో వేయాలా? ఇక్కడ బలవంతం లేదు, ఎవరెంత వేశారో ఎవరూ చూడరు. కానీ టీవీల్లో, యూట్యూబులో స్వస్థత పేరుతో, ఆశీర్వాదం పేరుతో ఇదే ఆడవాళ్ల దగ్గర ఫోనులో డబ్బు వేయించుకునే బోధకులున్నారు. ఒకామె చెవి దుద్దులు అలాగే పోయాయని తర్వాత తెలిసింది. పాస్టరుగారు ప్రసంగం మధ్యలో రెండుసార్లు “ప్రార్థన చేయించుకోండి, మందులు మాత్రం మానొద్దు” అన్నది అందుకేనేమో. ఆయనకు సంఘం జీతం లేదు. 2024కు ముందున్న ప్రభుత్వంలో పాస్టర్లకు నెలకు అయిదు వేల గౌరవ వేతనం వచ్చినప్పుడూ ఆయన చేతికి అందలేదు. “మాకు రిజిస్ట్రేషన్ లేదు బాబూ. సోమవారం నుంచి శనివారం దాకా గోడలకి రంగులేస్తాను, ఆదివారం ఇది.”

ఆయన దగ్గర బాప్తిస్మం తీసుకున్నవాళ్ల రిజిస్టరు లేదు. కావాలనే రాయరు. కారణం దేశంలో అందరికీ తెలిసిందే, ఎవరూ పైకి అనరు. 1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు ప్రకారం హిందువులకే ఆ హోదా. తర్వాత 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను, ముస్లింలను చేర్చలేదు. దళితుడు క్రైస్తవుడినని కాగితం మీద రాసుకుంటే ఆంధ్రాలో, తెలంగాణలో బీసీ–సి లోకి వెళ్తాడు. అక్కడ రిజర్వేషను 1 శాతం. అట్రాసిటీ చట్టం రక్షణా పోతుంది. పై కులంవాడు మాత్రం ఇతన్ని క్రైస్తవుడని గుర్తించి పక్కన కూర్చోబెట్టుకోడు. అందుకని కుర్రాడి సర్టిఫికెట్లో ఒక మతం, ఆదివారం ఇంకొకటి. దీన్ని మోసం అనేవాళ్లున్నారు. నన్నడిగితే, కులాన్ని మతంతోపాటు వదిలేసి రావచ్చని నమ్మినట్టు నటిస్తున్న చట్టానిదే ఆ మోసం.

భోజనానికి ఉండమన్నారు. సాంబారు, బంగాళాదుంప వేపుడు, మజ్జిగ. వడ్డించినవాళ్లు ఆ వారం వంతు వచ్చిన మూడిళ్లవాళ్లు. తింటుంటే ఒక పెద్దాయన పెద్దాసుపత్రిలో ఉన్న విశ్వాసికి రాత్రి సాయం ఎవరు పడుకోవాలో పేర్లు చదివాడు: సోమవారం ఫలానా, మంగళవారం ఫలానా. ఎవరో మంగళవారం నైట్ డ్యూటీ అన్నారు, ఇంకొకరు మార్చుకున్నారు. ప్రసంగం సాగినప్పుడు ఆవులించిన కుర్రాళ్లు ఇప్పుడు శ్రద్ధగా విన్నారు. తర్వాత సమాధుల తోట మాట వచ్చింది. వేసవిలో పోయిన ఒక ముసలాయనకు స్థలం దొరక్క, పాత గోరీ మీదే తవ్వి పెట్టారట. పట్నంలో బతికున్నప్పుడు అద్దె కట్టుకుని ఎలాగో ఉంటాం, పోయాకే చోటు లేదు అని ఒకావిడ అంటే అందరూ నవ్వారు.

ఇప్పుడు షెడ్డు కూడా ఖాళీ చేయాలి. స్థలం యజమాని పడగొట్టి అపార్ట్‌మెంటు కట్టుకుంటాడు. సంక్రాంతి దాకా గడువిచ్చాడు. పాస్టరుగారు సాయంత్రాలు పని అయ్యాక సందులు తిరిగి చూస్తున్నారు. మందిరానికి అంటే కొందరు ఇవ్వం అంటున్నారు, ఇస్తామన్నవాళ్లు అద్దె రెట్టింపు చెబుతున్నారు. సింగ్ నగర్, పాయకాపురం చుట్టుపక్కల యాభై మంది కూర్చోగల హాలు ఎవరికైనా తెలిస్తే చెప్పండి. అద్దె ఏడు వేలు దాటకూడదు. మెట్లున్నా పరవాలేదట, ముసలివాళ్లను ఎత్తుకుని తీసుకెళ్తామన్నారు. నేల అంతస్తు మాత్రం వద్దన్నారు.