అద్దె తక్కువే... మరి దారి సంగతో?

అమ్మాయికి హైదరాబాదులో సీటొచ్చింది. మొదటి ఏడాది ఎలాగోలా హాస్టల్లో గడిచింది. రెండో ఏడు మొదలవుతూనే ఫోన్లో ఒకటే పాట. "అమ్మా, ఈ హాస్టల్ చారు నా వల్ల కాదు. ముగ్గురం కలిసి ఫ్లాటు తీసుకుంటాం. ఊరికి కాస్త దూరంగా వెళ్తే అద్దె చాలా చవక!" మీ ఇంట్లోనూ ఈ మాట వినిపిస్తోందా? వెంటనే వద్దనకండి. అలాగని సరే అని ఫోను పెట్టేయకండి. దూరపు కొండలు నునుపన్నారు కదా, దూరపు ఫ్లాట్లూ అంతే. ఓసారి ఆ శివార్లకి వెళ్లి చూసొద్దాం, రండి.

బొంబాయి రోడ్డు దిగితే...

చదువుకునే పిల్లలు ఎక్కువగా అద్దెకుండే చోట్లలో కూకట్‌పల్లి ప్రాంతం ఒకటి. బొంబాయి రోడ్డు మీద ఒక పక్క జేఎన్టీయూ, ఎదురుగా హౌసింగ్ బోర్డు కట్టిన కేపీహెచ్‌బీ కాలనీ. నెత్తి మీద మెట్రో. 2017 నవంబరులో మియాపూర్ నుంచి మెట్రో రైలు మొదలయ్యాక ఇక్కణ్ణించి అమీర్‌పేట వెళ్లిరావడం పిల్లలకి చాలా తేలికైంది. టిఫిన్ సెంటర్లు, జిరాక్స్ షాపులు, కర్రీ పాయింట్లు, పుస్తకాల కొట్లు అన్నీ నాలుగడుగుల్లోనే. అందుకే ఇక్కడ అద్దెలూ ఎక్కువే, గదులూ ఇరుకే.

జేఎన్టీయూ పక్కనుంచి లోపలికి పోతే ప్రగతినగర్ వస్తుంది. ఇంకొంచెం ముందుకెళ్లి క్రాస్‌రోడ్ దగ్గర తిరిగితే నిజాంపేట. అదే రోడ్డు పట్టుకుని పోతే బాచుపల్లి. మియాపూర్ నుంచి కూడా బాచుపల్లికి దారుంది, నాలుగైదు కిలోమీటర్లు ఉంటుంది. 2019లో ఈ మూడు పంచాయతీలనూ కలిపి మున్సిపల్ కార్పొరేషన్ చేశారు. అంతకు ముందు ఇవి ఊళ్లే. ఇప్పుడు ఎటు చూసినా ఐదంతస్తుల అపార్ట్‌మెంట్లే! గేటు గేటుకీ 'టు లెట్' బోర్డు వేలాడుతూ ఉంటుంది.

లోపలికెళ్లి చూస్తే మనసు లాగేస్తుంది. విశాలమైన హాలు, రెండు బెడ్‌రూములు, రెండు బాత్‌రూములు, గిన్నెలు తోముకునేందుకు వంటింటి వెనక వాష్ ఏరియా, బాల్కనీలోంచి గాలి. 'కేపీహెచ్‌బీలో ఇదే డబ్బుకి ఒక్క గదీ రాదు కదా!' అనిపిస్తుంది. అక్కడే మనం ఓ కాగితం, పెన్ను తీసుకోవాలి.

కాగితం మీద లెక్క

మాట వరసకి ఇలా అనుకుందాం. కేపీహెచ్‌బీలో డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాటు 24,000 రూపాయలు, బాచుపల్లి దాటాక అలాంటిదే 15,000. ముగ్గురు పంచుకుంటే మనిషికి అక్కడ 8,000, ఇక్కడ 5,000. నెలకి 3,000 మిగులు! పిల్లలు మనకి చెప్పేది ఇంతవరకే.

ఇప్పుడు మీ అమ్మాయి జేఎన్టీయూలో చదువుతూ, సాయంత్రం అమీర్‌పేటలో ఏదో కంప్యూటర్ కోర్సుకి వెళ్తోందనుకోండి. మెయిన్ రోడ్డు దాకా షేర్ ఆటోకి రానూపోనూ 60 రూపాయలు అయినా, నెలలో 25 రోజులకి 1,500. క్లాసు ఆలస్యమైన రోజు మామూలు ఆటో మాట్లాడుకోవాలి. నెలకి నాలుగుసార్లు, సారికి 150 చొప్పున వేసినా 600. లిఫ్టు, జనరేటరు, వాచ్‌మన్ జీతం అంటూ పెద్ద అపార్ట్‌మెంట్లలో మెయింటెనెన్సు ఎక్కువ ఉంటుంది. మనిషికి ఓ 300 వేయండి. అన్నీ కూడితే 2,400. మిగిలింది అక్షరాలా 600 రూపాయలు!

ఇక అసలు ఖర్చు కాగితం మీద కనబడదు. ఆటో కోసం నిలబడటం, అది నిండేదాకా కూచోవడం, ట్రాఫిక్... రానూపోనూ రోజుకి గంట ఎక్కువ పట్టిందనుకున్నా నెలకి 25 గంటలు. పరీక్షల ముందు ఆ పాతిక గంటలూ చదువుకో, నిద్రకో ఎంత విలువో మీకు నేను చెప్పాలా? ఆ 600 కోసం అవి వదులుకోవాలా అన్నదే ప్రశ్న.

ఇదే లెక్క తిరగబడొచ్చు కూడా. వీఎన్ఆర్ విజ్ఞాన జ్యోతి, గోకరాజు రంగరాజు లాంటి ఇంజనీరింగ్ కాలేజీలు ఈ నిజాంపేట, బాచుపల్లి వైపే ఉన్నాయి. మీ పిల్ల చదివేది వాటిలో అయితే ఆ శివారు ఫ్లాటే ఆమెకి నట్టింట ఉన్నట్టు. నడిచి వెళ్లొచ్చు, మధ్యాహ్నం ఇంటికొచ్చి వేడిగా తినొచ్చు. అప్పుడు కేపీహెచ్‌బీలో ఉండటమే దండగ. అందుకే ఇల్లు బాగుందా అని కాదు, 'ఈ పిల్లకి, ఈ కాలేజీకి బాగుందా?' అని అడగాలి.

బస్సు మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి ఆడవాళ్లకి సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. అయితే తెలంగాణ చిరునామా ఉన్న గుర్తింపు కార్డు చూపించాలి. గుంటూరు, రాజమండ్రి నుంచి వచ్చిన పిల్లలు టికెట్టు డబ్బులు కూడా లెక్కలో వేసుకోవాలి. ఇంటి దగ్గరకి బస్సు వస్తుందంటే సంతోషించి ఊరుకోకండి. ఉదయం ఎన్నింటికి, ఎంతసేపటికొకటి, రాత్రి ఆఖరి బస్సు ఎప్పుడు అన్నవి బస్టాపులో నిలబడ్డ వాళ్లనే అడగండి.

నీళ్లు చూసి ఇల్లు చూడండి

మనం ఆడవాళ్లం ఇల్లు చూడ్డానికి వెళ్తే ముందు వంటింట్లోకి వెళ్తాం కదా. ఈసారి ముందు సంపు దగ్గరకి వెళ్లండి. 'మంజీర వస్తుందా, బోరా, ట్యాంకరా?' అని వాచ్‌మన్‌ని అడగండి. హైదరాబాదుకి గోదావరి నీళ్లు వచ్చి ఏళ్లయినా కొళాయి నీళ్లని ఇప్పటికీ చాలామంది 'మంజీర' అనే అంటారు. అది రోజూ వస్తుందా, రోజు విడిచి రోజా, వంటింటి కొళాయిలోకి వస్తుందా, కిందనుంచి మోసుకోవాలా? 2024 వేసవిలో ఈ పడమటి శివార్లలో బోర్లు ఎండిపోయి జనం ట్యాంకర్ల కోసం ఎదురుచూశారు. ట్యాంకర్ ఖర్చు మెయింటెనెన్సులోనే ఉంటుందా, విడిగా పంచుతారా అన్నది ముందే తేల్చుకోవాలి. మార్చి దాకా 500 కట్టిన పిల్లలు ఏప్రిల్లో ఎంత కట్టాల్సొస్తుందో అడక్కపోతే ఎవరూ చెప్పరు.

నీళ్లు లేకపోతే ఒక బాధ, ఎక్కువైతే ఇంకో బాధ! 2016 సెప్టెంబరు వానలకి నిజాంపేటలోని బండారి లేఅవుట్‌లో చెరువు నీళ్లు పొంగి అపార్ట్‌మెంట్ల సెల్లార్లు మునిగిపోయాయి. జనం ఇళ్లలోనే చిక్కుకుపోయారు. కాబట్టి అద్దె మరీ చవగ్గా ఉందంటే, 'వానాకాలం ఇక్కడ ఎంతవరకు నీళ్లొస్తాయి?' అని పక్కన కిరాణా కొట్టువాణ్ణి అడగండి. ఓనరు చెప్పకపోయినా కొట్టువాడు చెబుతాడు. గోడల మీద నీటి చార కూడా చెబుతుంది.

ఓనరుగారితో మాట్లాడేటప్పుడు

'ఫ్యామిలీకే ఇస్తాం, బ్యాచిలర్స్‌కి ఇవ్వం' అనేవాళ్లు చాలామంది. తల్లో తండ్రో వెంట వెళ్తే మెత్తబడతారు. కానీ షరతులన్నీ అప్పుడే అడగండి. రాత్రి గేటు ఎన్నింటికి వేస్తారు? మాంసం వండుకోవచ్చా? తమ్ముడో, బాబాయో వస్తే రెండు రోజులు ఉండొచ్చా? అపార్ట్‌మెంటు అసోసియేషన్‌కి వేరే నియమాలేమైనా ఉన్నాయా?

అడ్వాన్సు మామూలుగా రెండు నెలల అద్దె అడుగుతారు. ఖాళీ చేసేటప్పుడు రంగులకని అందులోంచి పట్టుకునే ఓనర్లూ ఉంటారు. ఎంత పట్టుకుంటారో కాగితం మీద రాయించండి. అగ్రిమెంటు 11 నెలలకి రాసుకోవడం మామూలు. ముగ్గురు పిల్లలుంటే ముగ్గురి పేర్లూ అందులో ఉండాలి. లేకపోతే మధ్యలో ఒకమ్మాయి వెళ్లిపోతే ఆ వాటా అద్దె మీ అమ్మాయి నెత్తిన పడుతుంది. ఇల్లు కళ్లతో చూడకుండా, ఫోన్లో ఫొటోలు చూసి మాత్రం 'టోకెన్' డబ్బులు పంపొద్దు. ఈ మోసాలు ఈ మధ్య మరీ ఎక్కువయ్యాయి.

కరెంటు మీటరు ఫ్లాటుకి విడిగా ఉందో లేదో చూసి, పాత బిల్లు ఒకటి అడగండి. గ్యాసు సంగతి మరిచిపోవద్దు. అద్దె ఇంటి చిరునామాతో కాగితాలు లేని పిల్లలకి ఐదు కిలోల చిన్న సిలిండరు మేలు. ఇండేన్ వాళ్లది 'ఛోటూ' పేరుతో దొరుకుతుంది. గుర్తింపు కార్డు చూపిస్తే చాలు. పెద్ద సిలిండర్లోంచి దొంగతనంగా నింపి ఇచ్చే కొట్లలో మాత్రం కొననివ్వకండి. అది ప్రాణాల మీదికి తెచ్చే చవక. కూరగాయలకి కూకట్‌పల్లి రైతుబజారు ఉండనే ఉంది. వారానికోసారి వెళ్తే ముగ్గురికీ సరిపడా వస్తాయి.

రాత్రి ఎనిమిదింటికి ఒకసారి

ఇళ్లన్నీ మనం పగలే చూస్తాం. ఎండలో అన్ని వీధులూ మంచివే. నచ్చిన ఇంటిని రెండోసారి రాత్రి ఎనిమిదింటికి చూడండి. ఆటో దిగిన చోటు నుంచి గేటు దాకా అమ్మాయిని మీతో నడవమనండి. వీధి దీపాలు ఎన్ని వెలుగుతున్నాయి? మధ్యలో ఖాళీ స్థలాలు, సగం కట్టి వదిలేసిన బిల్డింగులు ఎన్ని? మందు షాపు ఎక్కడుంది? కుక్కలెన్ని? తెరిచి ఉండే మందుల షాపు, కిరాణా కొట్టు దారిలో ఉన్నాయా? ఆ ఐదు నిమిషాల నడకకి లొంగని ఇల్లు, ఎంత విశాలమైనదైనా వద్దు. అవసరమైతే 112కి ఫోను చేయాలని పిల్లకి తెలియాలి. షీ టీమ్స్ నంబరు ఫోన్లో ఉండాలి. అవి ఉన్నాయి కదా అని చీకటి దారి ఎంచుకోకూడదు.

అబ్బాయిలకి ఈ నడక అక్కర్లేదనుకోకండి. చీకట్లో ఫోను లాక్కుపోయేవాళ్లు ఆడామగా చూడరు.

అమ్మాయితో ఒక ఒప్పందం

ఇన్నీ చూశాక మిగిలేది ఒక్కటి. అది ఏ కాగితం మీదా ఉండదు. ఇల్లు మారాక ఇబ్బందులొస్తాయి. నీళ్లు రావు, తోటి పిల్లతో మాటామాటా వస్తుంది, వీధిలో ఎవడో వెంటపడతాడు. ఇవన్నీ పిల్లలు మనకి చెప్పరు. ఎందుకో తెలుసా? చెబితే 'నేను ముందే చెప్పానుగా, ఇంటికొచ్చెయ్' అంటామని. చదువు ఆపి పెళ్లి సంబంధాలు చూస్తామని. ఆ భయంతో అమ్మాయి లోపల్లోపలే నలిగిపోతుంది. ఫోన్లో మాత్రం 'బాగానే ఉన్నానమ్మా' అంటుంది.

అందుకని ఓనరుతో అగ్రిమెంటు రాసుకునే ముందే అమ్మాయితో ఒక మాట అనుకోండి. "ఏ ఇబ్బందొచ్చినా ముందు నాకే చెప్పు. ఇల్లు మారుస్తాంగానీ చదువు మాన్పించం." నాన్నగారి చేత కూడా ఆ మాట అనిపించండి. ఆ మాట దొరికిన పిల్ల బాచుపల్లిలో ఉన్నా, కేపీహెచ్‌బీలో ఉన్నా ధైర్యంగా ఉంటుంది.

ఇక ఇల్లు కుదిరిందా? మంచిరోజు చూసి, చిన్న గిన్నెలో పాలు పొంగించండి. ఆ ఒక్క రాత్రీ మీరూ అక్కడే పడుకోండి. పొద్దున్నే లేచి, కాలేజీ టైముకి అమ్మాయితో పాటు మీరూ షేర్ ఆటో ఎక్కండి. దిగేటప్పుడు గడియారం చూసుకోండి. ఎంతసేపు పట్టిందో మీకే తెలుస్తుంది!